ఖాళీగానే ఇంటికొచ్చిన బేసిను

చిట్టీ, ఆ కాళ్ళు ఊపడం ఆపి, ఇలా కూర్చుని ఈ నాయనమ్మ చెప్పేది సరిగ్గా విను. చెప్పింది చెప్పినట్టు రాయి, నీ సొంతం కలపకు.

మాది ఆత్రేయపురమండి. ఆ రోజు పూతరేకులు తీస్తున్నాను. పిండిలో ముంచిన గుడ్డ వేడి కుండ మీద ఇలా లాగానో లేదో, కుడి డొక్కలో ఎవరో మెలిపెట్టినట్టు నొప్పి. రేకు కుండ మీదే మాడిపోయింది. రాజమండ్రి తీసుకెళ్తే స్కానింగ్ చేసి, "గాల్‌బ్లాడర్‌లో స్టోన్స్ అమ్మా, ఆపరేషన్ చెయ్యాలి" అన్నారు సర్జన్ గారు.

నేను ససేమిరా అన్నాను. కోతకి కాదండి నా భయం, వాంతులకి. అంతకుముందు గర్భసంచి ఆపరేషన్ అయినప్పుడు, మత్తు దిగిన దగ్గర్నుంచీ ఒకటే వాంతులు. కడుపులో ఏమీ లేకపోయినా డోకు. డోకినప్పుడల్లా కుట్లు తెగిపోతాయేమోనని దిండు కడుపుకి అదుముకుని ఏడ్చాను. అందుకే ఈసారి చారన్నం తింటూ నెలలు నెట్టుకొచ్చాను. చివరికి చలిజ్వరం పట్టుకుంది. "ఇంకా ఆగితే ఆ రాళ్ళున్న సంచికి చీము పడుతుంది" అన్నారు. ఇంకేం చేస్తాను, ఆసుపత్రిలో చేరాను. మా అత్తగారు ఇంటి నుంచి పెద్ద బేసిను పట్టుకుని మరీ వచ్చారు.

ముందురోజు మత్తు డాక్టరమ్మ నా మంచం దగ్గరికొచ్చింది. పాత వాంతుల సంగతంతా విని, "బస్సు పడుతుందా అమ్మా?" అనడిగింది.

నేను నోరు విప్పేలోగా మా అత్తగారు, "రాజమండ్రి బస్సెక్కితే బొబ్బర్లంక దాటకుండానే తలకాయ బయట పెట్టేస్తుందండీ మా కోడలు" అన్నారు.

"చుట్ట గానీ తాగుతారా?"

"అయ్యో రామ! ఆ అలవాటు మా అత్తగారిదండి."

డాక్టరమ్మ నవ్వింది. "ఆడవాళ్ళకి, పొగ అలవాటు లేనివాళ్ళకి, బస్సు పడనివాళ్ళకి ఈ వాంతులు ఎక్కువమ్మా."

"విన్నావా! ఇన్నేళ్ళూ నా చుట్టని ఆడిపోసుకున్నావు" అన్నారు మా అత్తగారు.

"మామ్మగారూ, దానికోసం ఊపిరితిత్తులు కాల్చుకోనక్కర్లేదు, మందులున్నాయి. వాంతి ఒక్క దారిలో రాదమ్మా, ఒక్కో మందు ఒక్కో దారినే ఆపుతుంది. అందుకే మీకు ఒక ఇంజెక్షన్ చాలదు. మత్తిచ్చేటప్పుడు డెక్సా, ఆపరేషన్ ముగిసే ముందు ఆన్‌డాన్‌సెట్రాన్, ఈ వాంతులాపే మందులు రెండూ ఇస్తాను. అసలు రాదని మాటివ్వలేను, బాగా తగ్గుతుంది."

ఆపరేషనయ్యి కళ్ళు తెరిచేసరికి లోకమంతా పూతరేకులోంచి చూస్తున్నట్టుందే చిట్టీ. తెల్లగా, పల్చగా. ఫ్యాను మెల్లిగా ఈదుతోంది. గోదారి మీద లాంచీలో పడుకున్నట్టు మంచం తేలిపోతోంది, కానీ కడుపు మాత్రం కదలట్లేదు. ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని ఎదురుచూస్తున్నాను. రాలేదు. పక్కన మా అత్తగారు బేసిను ఒళ్ళో పెట్టుకుని, చంటిపిల్లాణ్ణి పట్టుకున్నట్టు పట్టుకుని కునుకుతున్నారు.

సాయంత్రం కాస్త తిప్పింది. సిస్టర్‌తో చెప్తే డాక్టరమ్మనడిగి ఇంకో రకం ఇంజెక్షన్ చేసింది. ఆ తిప్పడం కూడా అలలాగా వెనక్కెళ్ళిపోయింది. కాఫీ తాగాను. "వట్టి బేసిను మోసుకొచ్చానన్నమాట" అని మా అత్తగారు పైకి విసుక్కున్నారు గానీ, కళ్ళు ఒత్తుకోవడం నేను చూశాను.

ఇప్పుడు గారెలు కూడా తింటున్నాను. బస్సులో మాత్రం ఇప్పటికీ కిటికీ పక్క సీటే.

ఇది కాస్త పెద్దక్షరాలతో రాయవే. ఆపరేషన్ ఉన్నవాళ్ళు మత్తు డాక్టరుకి పాత వాంతులూ, బస్సు పడని సంగతీ ముందే చెప్పండి. చిన్న విషయమని సిగ్గుపడకండి. తర్వాత తిప్పినా ఓర్చుకుంటూ పడుకోకుండా వెంటనే...

"అత్తయ్యగారండీ, పనసపొట్టు కూర చల్లారిపోతోంది! రండి!"

వస్తున్నానమ్మా! మీ అమ్మ పిలుస్తోంది, ఎంతవరకూ రాశావే? వెంటనే సిస్టర్‌ని పిలిచి, మొహమాటం లేకుండా చెప్పెయ్యండి, అని రాయి.