ఏమంటాండాది పాస్టరప్పా

పోయిన వారం పత్తికొండ సంతకు తోళ్ళు కొనడానికి వచ్చిన కడప సాహెబు గారు, తిరుగు బస్సు ఎక్కబోయే ముందు మా ఇంటికి వచ్చారు. కూర్చోమంటే కూర్చోలేదు. వాకిట్లో నిలిపిన నా కారు టైర్లను ఒక్కొక్కటే చేత్తో నొక్కి చూస్తూ, అటు తిరిగే చెప్పారు. "పెద్దరెడ్డి పోయినాడు అయ్యగారూ. పొద్దున్నే మొహం కడుక్కుంటానని నీళ్ళడిగినాడంట. నీళ్ళు తెచ్చే లోపలే పాణం పోయిండాది." ఆ మాట అయ్యాక కూడా ఆయన టైరు మీది చెయ్యి తియ్యలేదు. వెనక టైరులో గాలి తక్కువగా ఉందని మాత్రం చెప్పి, బస్సుకు ఆలస్యమవుతుందని వెళ్ళిపోయారు.

ఏడ్చేవాళ్ళను ఊరడించడం నా వృత్తి. నన్ను నేను ఊరడించుకునే మాట ఒక్కటీ ఆ సాయంత్రం నాకు తోచలేదు. సత్యవేదం తెరిచాను, మూశాను. చివరికి వెళ్ళి వెనక టైరుకు గాలి కొట్టాను. ఆ పెద్దాయన ఉంటే ఆయన కూడా అదే చెయ్యమనేవాడు.

ఆయనను ఎరగనివాళ్ళకు చెప్పాలి. రాజంపేట వైపు పొలాలున్న రైతు. కడపలో ఇల్లు కట్టుకొని ఉండేవాడు. మా ప్రాంతంలో కారు కొన్న మొదటి కొద్దిమందిలో ఒకడు. నేను ఊరి బయటి మాలపల్లెలో పుట్టినవాణ్ణి. మా తాతల నాడే మా పల్లె అంతా క్రైస్తవంలో కలిసింది. మిషన్ బడిలో చదివి కడపలో పాస్టరునయ్యాను. తన దేశానికి వెళ్ళిపోతూ ఒక మిషన్ దొర తన పాత కారును నాకు వదిలి వెళ్ళాడు, పల్లెపల్లెకూ తిరిగి ఆరాధనలు జరపమని. దొర వెళ్ళాడు కానీ ఆ కారు గుణం ఏమిటో నాకు చెప్పి వెళ్ళలేదు. పల్లెకు వెళ్ళేటప్పుడు అది నన్ను మోసేది, వచ్చేటప్పుడు సంఘమంతా కలిసి దాన్ని తోసేది.

ఆ రోజుల్లో కడపలో కారు చెడితే చూసే నాథుడు లేడు. సామాను మద్రాసు నుంచి రైల్లో రావాలి. అందుకని కార్లున్న వాళ్ళు శనివారం మధ్యాహ్నం పెద్దాయన అరుగు మీద చేరి ఒకరి కష్టం ఒకరికి చెప్పుకునేవాళ్ళు. ప్లీడరు గారు, సాహెబు గారు, పల్లెల నుంచి వచ్చే రైతులు. ఏ సందులో తుమ్మముళ్ళు ఎక్కువ, కింది స్ప్రింగు కమ్మీలు కిర్రుమంటే ఆముదం ఎంత పుయ్యాలి, పెట్రోలు ట్యాంకు కారితే సబ్బు ఎట్లా అద్దాలి, ఇవే మాటలు. ఎండాకాలంలో లోపల కూర్చోలేకపోతున్నామంటే కిటికీకి వట్టివేళ్ళ తడక కట్టుకోమన్నది కూడా ఆ అరుగు మీది సలహానే. ఊళ్ళో మిగతా పెద్దమనుషులు రాజకీయాలు మాట్లాడుకుంటూ ఉంటే వీళ్ళు గొట్టాల గురించి మాట్లాడుకునేవాళ్ళు.

ఆ అరుగుకు ఒక ఆచారం ఉండేది. కారుకు ఏమైందో చెప్పకూడదు. పెద్దాయన "ఏమంటాండాది?" అని అడుగుతాడు. అది చేసే చప్పుడును నోటితో చేసి చూపించాలి, అంతే. కోర్టులో జడ్జి ముందు గుటక మింగని ప్లీడరు గారు అక్కడ కళ్ళు మూసుకొని "డొకడొకడొక" అనేవారు. పెద్దాయన తల ఒక పక్కకు వంచి, "డొకడొకనా, టకటకనా? సరిగ్గా చెప్పు" అని గదమాయించేవాడు. డొకడొక అయితే లోపల బేరింగు అరిగింది, ఇంజను విప్పాలి. టకటక అయితే పైన టాపెట్లు వదులయ్యాయి, బిగిస్తే చాలు. గడగడకూ గుడగుడకూ మధ్య ఒక్క అచ్చు తేడా, కానీ ఆ తేడాలో పని పది రెట్లు పెరుగుతుంది. "దాన్నెందుకు తిడతారు, అది చెప్తానే ఉండాది గదా" అనేవాడు ఎవరైనా కారును విసుక్కుంటే.

నేను మొదటిసారి వెళ్ళినప్పుడు వాకిట్లోనే నిలబడ్డాను. చదువూ తెల్ల అంగీ ఉన్నా నేను ఎక్కడివాణ్ణో ఊళ్ళో అందరికీ తెలుసు. అరుగు మీద ఎవరూ నన్ను పొమ్మనలేదు, రమ్మనలేదు. పెద్దాయన ఎప్పటిలాగే "ఏమంటాండాది?" అన్నాడు. ఆదివారం పూట గుడి కప్పు అదిరేట్టు ప్రసంగించే నేను, సిగ్గుతో గొంతు తగ్గించి "గుడగుడ" అన్నాను. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని, "నాకు ఇనపడలేదు. పైకి రా" అన్నాడు. మళ్ళీ అన్నాను, ఈసారి గట్టిగా. "ఇనపడలేదంటాండా గదా. పైకొచ్చి ఈడ కూచోని చెప్పు" అని తన పక్కన బల్ల మీద చేత్తో తట్టాడు.

ఎక్కి కూర్చున్నాను. ప్లీడరు గారు బల్ల చివరకు జరిగారు. అది నాకు చోటివ్వడానికో మరెందుకో నేను ఆలోచించదలచుకోలేదు. గుడగుడ అన్నాను. ఆయన తల ఊపి, "ఉప్పునీళ్ళు పోస్తాండావు. రేడియేటర్లో సున్నం పట్టిండాది" అని, ఇంకా ఏదో చెప్పబోయి ఆగి, "సాహెబు వస్తాండాడు, మలుపులో గేరు మార్చినాడు" అన్నాడు. కాసేపటికి నిజంగానే సాహెబు గారి కారు వీధిలోకి తిరిగింది. నాకు అప్పటిదాకా అది వినపడనే లేదు.

రెండు వీధుల అవతల గేరు చప్పుడు విన్న మనిషికి, వాకిట్లో నా గొంతు ఎందుకు వినపడలేదు? ఆ ప్రశ్న నన్ను ఏళ్ళ తరబడి వదలలేదు. ఆ బల్ల మీద నాకు చోటు దొరికింది దయతోనా, చెవుడుతోనా అన్నది తెలుసుకోవాలని ఉండేది. అడిగితే ఆ చోటు పోతుందేమోనని భయమూ ఉండేది. మీకిది చిన్న విషయం అనిపించవచ్చు. అరుగుల కింద నిలబడి పెరిగినవాళ్ళకు చిన్నది కాదు.

రేడియేటర్ల కోసం ఆయన దొడ్లో ఒక పెద్ద రాతితొట్టి కట్టించి, వానలు పడ్డ కొద్ది రోజుల్లోనే వాననీళ్ళతో నింపి మూత వేసి ఉంచేవాడు. బావినీళ్ళు చవుడు గనుక కార్లున్న వాళ్ళందరికీ అవే నీళ్ళు. "ముంచుకోప్పా" అని నాకూ డబ్బా చూపించాడు. ఆ తొట్టిలో నేను డబ్బా ముంచుతుంటే ఇంట్లో ఆడవాళ్ళు చూసి ఊరుకున్నారు, కారు తాగే నీళ్ళే కదా అని కాబోలు. పల్లెల్లో తిరిగేటప్పుడు కారు కాగితే తాగేనీళ్ళు అడగవద్దని ఆయన కట్టడి. చల్లారేదాకా కూర్చోవాలి, లేదా వెంట తెచ్చుకోవాలి. అందుకోసం సాహెబు గారు మా అందరికీ తోలుతిత్తులు కుట్టించి ఇచ్చారు. కారు ముందు వేలాడదీస్తే గాలికి నీళ్ళు చల్లగా ఉండేవి.

నవ్వు వచ్చే సంగతులు కూడా ఉన్నాయి. రేడియేటరు సన్నగా కారుతుంటే ఇల్లు చేరేదాకా ఆగడానికి చిటికెడు రాగిపిండి వెయ్యమని పెద్దాయన ఒకసారి చెప్పాడు. ప్లీడరు గారిది ధారాళమైన చెయ్యి. దోసిళ్ళతో పోశారు. రాజంపేట దారిలో మూత ఎగిరిపోయి, మడ్గార్డుల మీదికి సంగటి పొంగింది. ఉడికిన సంగటే, అనుమానం లేదు. ఆ శనివారం ఆయన వచ్చి నోరు విప్పక ముందే పెద్దాయన, "సంగట్లోకి నంజుకోను ఊరిబిండి ఎత్తుకోకుండా పోతివే" అన్నాడు. ప్లీడరు గారు కూడా నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ నా వైపు జరిగి కూర్చున్నారు, ఆ సంగతి ఆయనకే తెలియకుండా.

పెద్దాయన సంఘసంస్కర్త కాడు. అట్లా రాస్తే అబద్ధం రాసినవాణ్ణవుతాను. ఆయన కూతురి పెళ్ళికి నన్ను పిలవలేదు. మరునాడు గంపతో భోజనం పంపించాడు. నేను కోపంతో తినలేదు, మా ఆవిడ పిల్లలకు పెట్టింది. వచ్చే శనివారం వెళ్ళకూడదనుకున్నాను, కానీ కారు కీచుమంటున్నది, వెళ్ళాను. ఆయన మామూలుగా తన పక్కన బల్ల తట్టాడు. ఆ ఇంట్లో నాకు తెలిసిన చోటు ఆ బల్లే. గడప అవతల ఏముందో నేను చూడలేదు.

యుద్ధం వచ్చాక పెట్రోలు కరువై, దానికి బదులు బొగ్గు కాల్చిన గ్యాసుతో కారు నడిపే డ్రమ్ములను మా కార్ల వెనక మోసుకు తిరిగాము. తుమ్మబొగ్గు మంచిదని, అదీ పెసరగింజంత తడి కూడా ఉండకూడదని ఆయన మాకు బొగ్గు ఏరడం నేర్పాడు. నేను గుడికి నల్లమొహంతో వెళ్ళి, తెల్ల అంగీ తొడుక్కొని, పాపక్షమాపణ గురించి ప్రసంగించేవాణ్ణి. ఆ రోజుల్లోనే ఆయనలో మార్పు కనిపించింది. ఎవరైనా చప్పుడు చేస్తే వాళ్ళ పెదాల వైపు చూసేవాడు. తర్వాత ఒక వేపపుల్ల పట్టుకొని కారు దగ్గరికే రావడం మొదలుపెట్టాడు. పుల్ల ఒక కొస ఇంజనుకు ఆనించి, రెండో కొస పళ్ళ మధ్య కరిచిపట్టి, కళ్ళు మూసుకొని నిలబడేవాడు. దారిన పోయేవాళ్ళు రెడ్డిగారు మధ్యాహ్నం పూట పళ్ళు తోముతున్నారనుకున్నారు. చెవులతో వినలేనిది ఆయన పళ్ళతో వింటున్నాడని మాకు అర్థమైంది. సాహెబు గారు ఒక మాట అన్నారు, మనం అందరం ఇక కారును గుమ్మం దాకా తెద్దాం, ఆయనను కదిలించవద్దని. నోటితో చప్పుడు చేసే ఆచారం మాత్రం మానలేదు. ఆయన అడగకుండా ఉండలేడు, మేము చెయ్యకుండా ఉండలేము.

అప్పుడే నన్ను పత్తికొండ సంఘానికి మార్చారు. ఇక్కడి మనుషులు మంచివాళ్ళు. కానీ ఎర్రమట్టి దారిలో కారు ఏదో అంటూనే ఉంటుంది, అది ఏమంటున్నదో అడిగేవాళ్ళు లేరు. ఒక్కణ్ణీ తోలుకుంటూ పోతూ నేను దాని చప్పుడును పైకి అని చూసేవాణ్ణి. ఎద్దులబండి వాళ్ళు వింతగా చూసేవాళ్ళు. శనివారం మధ్యాహ్నం వచ్చిందంటే ఆ బల్ల గుర్తుకు వచ్చి ఏ పనీ సాగేది కాదు. ఇప్పటికీ సాగదు.

ఈ ఎండాకాలం మొదట్లో సంఘం పని మీద కడపకు వెళ్ళి, ఆయన మంచం పట్టాడని తెలిసి చూడబోయాను. అరుగు మీద ఎవరూ లేరు. ముందరింట్లో మంచం మీద ఉన్నాడు. నన్ను చూసి చెయ్యి ఊపాడు. గడప దగ్గర ఆగాను. కోడలు తలుపు పక్కకు జరిగి, "రమ్మంటాండాడు అయ్యగారూ" అంది. లోపలికి వెళ్ళాను.

చాలా చిక్కిపోయాడు. క్షేమసమాచారాలేమీ అడగలేదు. కొడుకులు తన కారును తోలుతున్నారని, అది ఏమంటున్నదో ఒక్కడూ చెప్పడం లేదని అన్నాడు. "నువ్వు పోయి ఇనిరాప్పా" అన్నాడు. వెళ్ళి షెడ్డులో కారు హ్యాండిలు తిప్పి ఇంజను లేపాను, మూత ఎత్తి విన్నాను. తిరిగి వచ్చి ఆయన చెవి దగ్గర వంగి టకటక అన్నాను. తల అడ్డంగా ఊపాడు. గట్టిగా అన్నాను. కోడలు తొంగి చూసింది. ఆయనకు మాత్రం అందలేదు.

నన్ను చూసి నవ్వాడు. "ఆ పొద్దు ఇనపడలేదని అబద్ధం చెప్పి నిన్ను పైకి పిలిస్తి పాస్టరప్పా. ఇప్పుడు నిజమాయ."

ఏం జవాబు చెప్పినా ఆయనకు వినపడేది కాదు. ఆయన మంచం మీంచి చెయ్యి ఎత్తి, నా అంగీ కాలరు పక్కకు నెట్టి, అరచెయ్యి నా గొంతు మీద ఆనించాడు. ఆ చెయ్యి వెచ్చగా, గరుకుగా ఉంది.

"ఇప్పుడను" అన్నాడు.

అన్నాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు. తల ఒక పక్కకు వంచాడు. "టాపెట్లు" అన్నాడు మెల్లగా. నేను ఆపాను. కానీ ఆయన చెయ్యి తియ్యలేదు. "ఇంగోసారి" అన్నాడు. ఏమైందో తెలిసిపోయింది, ఇక చెప్పడానికేమీ లేదు. అయినా మళ్ళీ అన్నాను. మళ్ళీ అడిగాడు. ఆయన అరచేతి కింద నా గొంతు అదురుతూనే ఉంది, కన్నీళ్ళు కారి ఆయన వేళ్ళ మీద పడుతున్నా నేను ఆ చప్పుడు చేస్తూనే ఉన్నాను.