రాంచందరన్న పెంచిన నీలం

నెల్లికుదురులో మా రెండు షట్టర్లు పక్కపక్కనే ఉంటాయి. నాది మ్యాచింగ్ సెంటర్. జాకెట్ గుడ్డలు, లైనింగులు, చీర ఫాల్సులు, దారాలు అమ్ముతాను. పక్కది రాంచందరన్నది. బోర్డు మీద టీవీ, రేడియో, టేప్ రికార్డర్ రిపేరు అని ఉంటుంది. అందులో రేడియో ఎప్పుడో పోయింది, దాని వెనకే టేప్ రికార్డరూ పోయింది. మిగిలింది టీవీ. అదీ గోడకు తగిలించే పలక టీవీ కాదు, వెనక గూని ఉన్న డబ్బా టీవీ. పలక టీవీని ఆయన ముట్టుకోడు. "గవి పాడైతే పారేసుడే. గందుల బాగుచేసేదేమున్నది?" అంటాడు. బాగుచేయడం రాదని చెప్పవచ్చు కదా అని నేనంటాను. మా ఇద్దరికీ రోజూ ఇదే కాలక్షేపం.

ఈ కాలంలో డబ్బా టీవీలు ఎవరింట్లో ఉన్నాయని అడగవద్దు, చాలా ఇళ్ళలో ఉన్నాయి. కొడుకు పలక టీవీ కొని ముందు అర్రలో పెట్టుకుంటాడు. డబ్బా టీవీ వెనక అర్రలో ముసలి తల్లి మంచం దగ్గరికి చేరుతుంది. ఇక్కడి పల్లెల్లో, తండాల్లో ఆ తల్లులందరికీ రాంచందరన్నే దిక్కు.

టీవీ ఎట్లా పనిచేస్తుందో ఎవరూ అడగకపోయినా చెప్పడం ఆయనకు అలవాటు. వెనక మూత విప్పి, పెద్ద గరాటులాంటి గాజు ట్యూబు చూపిస్తాడు. "గీ సన్నటి మెడ ఉన్నది చూడు, గీడ మూడు గన్నులుంటయి. లోపల తీగ ఎర్రగ కాగుతది. కాగంగనే కంటికి కనపడని కణాలు లేస్తయి, ఎలక్ట్రాన్లంటరు. వాటిని ముందుకు గుంజనీకి వేల వోల్టుల కరెంటు. ముందటి గాజుకు లోపలి దిక్కు ఎరుపు, ఆకుపచ్చ, నీలం మందు చుక్కలు పూసి ఉంటయి. తాకినకాడ చుక్క మెరుస్తది. మధ్యల బెజ్జాల రేకు ఒకటుంటది. గది ఏ గన్ను కణాలను ఆ రంగు చుక్కకే పోనిస్తది, పక్కదానికి పోనియ్యది."

కొమురయ్య అనే రైతు ఒకసారి ఇదంతా విని, "మరి బొమ్మంత ఒక్కపారే ఎట్ల వస్తది?" అని అడిగాడు.

"ఒక్కపారి యాడొస్తది మామా? నువ్వు సాలు కొట్టినట్టే. మెడ చుట్టూ ఉన్న రాగి చుట్ట వాటిని నడిపిస్తది. పైన ఎడమకెల్లి కుడికి ఒక సాలు, దాని కింద ఇంకో సాలు. తేడా ఏందంటే గిది ఒక్క దిక్కే దున్నుతది. మర్రేటప్పుడు నాగలి లేపుకొని ఉరికొస్తది. సెకనుకు యాభై పార్లు పైకెల్లి కింది దాంక. గంత జల్ది దున్నుతది కాబట్టి నీ కన్ను అంత కలిపి బొమ్మ అనుకుంటది."

"అంటే ఇన్నేండ్ల సంది నన్ను మోసం చేస్తున్నదన్నట్టు" అని కొమురయ్య లేచి పోయాడు.

మూడు రంగులూ సరిపాళ్ళలో కలిస్తేనే తెలుపు. ట్యూబు మెడకు తొడిగిన చిన్న బోర్డు మీద ఒక్కో రంగుకు ఒక్కో స్క్రూ ఉంటుంది. రాంచందరన్న టీవీ ముందు అద్దం నిలబెట్టి, తాను వెనక కూర్చుని, అద్దంలో బొమ్మ చూస్తూ వాటిని తిప్పేవాడు. తెల్ల పంచె తెల్లగా కనపడేదాకా వదిలేవాడు కాదు. పాల తెలుపు వేరు, ముత్యం తెలుపు వేరు అని చెప్పి గుడ్డలు అమ్ముకునేదాన్ని నేను. అయినా ఆయన పెట్టిన తెలుపులో నాకెప్పుడూ వంక దొరకలేదు.

రెండేళ్ళ కింద దొరికింది. ఆయన భార్య లక్ష్మీనర్సమ్మ వదినె ముదురు నీలం లైనింగు గుడ్డ తెమ్మని పంపితే, నా దుకాణంలో తానే వెతికి నల్లగుడ్డ చేతిలో పట్టుకున్నాడు. అది నలుపన్నా అంటే, నీలమే అని వాదించాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. వదినె ఆ సాయంత్రమే వచ్చి మార్చుకుపోయింది. ఆ తర్వాత చాయ్ హోటల్ ధర్మేందర్ తన టీవీ పట్టుకొచ్చి గొడవ పెట్టుకున్నాడు. రిపేరు చేయించిన నాటి నుంచి వార్తలు చదివే అమ్మాయి కూడా వేషం కట్టిన కృష్ణుడిలా కనపడుతోందట. "ఫోన్లు చూసి చూసి మీ కండ్లే ఖరాబైనయి" అని రాంచందరన్న వాడినే తిట్టి పంపాడు. వాడు వారం తిరక్కుండా పలక టీవీ కొనుక్కున్నాడు.

నేను వెళ్ళి చూశాను. ధర్మేందర్ చెప్పింది నిజం. బల్ల మీద ఉన్న మూడు టీవీల్లోనూ తెల్లగోడ నీలిమందు ఎక్కువైన పంచెలా ఉంది. మెల్లగా చెప్పాల్సింది. నాకు మెల్లగా చెప్పడం రాదు. "పచ్చకామెర్లోనికి లోకమంత పచ్చగ కనపడుతదట, నీ సంగతి గట్లనే ఉన్నదన్నా. పోయి కండ్లు చూపిచ్చుకో" అన్నాను. ఆయన నాతో మాట్లాడటం మానేశాడు. నా చాయ్ నేను తాగాను, ఆయన చాయ్ ఆయన తాగాడు.

ఊళ్ళో కంటి పరీక్షల శిబిరం పెట్టారు. వదినె బతిమాలింది, నేను బతిమాలాను. రాలేదు. "నా కండ్లకేమైంది? ట్యూబులే ముసలివైనయి. నీలం గన్నులు అరిగినయి, పెంచక తప్పదు" అని వదినెతోనే అన్నాడు. కంటి మీద కత్తి పడితే ఉన్న చూపు కూడా పోతుందేమోనని ఆయన భయం. చూపు పోతే అద్దం ముందు కూర్చునే పని పోతుంది. ఆ పని తప్ప ఆయనకు ఇంకొకటి రాదు. ఈ మాట ఆయన చెప్పలేదు, నాకు తెలుసు.

ఆయన మొండితనాన్ని ఒక టీవీయే దించింది. ఏదో పల్లెలో గ్రంథాలయానికి ఒకప్పుడు టీవీ ఒకటి వచ్చిందట. ఎవరైనా పాడుచేస్తారని అక్కడి పెద్దమనిషి దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఆయన రిటైరయ్యాడు, తాళంచెవి పోయింది. మొన్న ఆ బీరువాను పాత సామాన్ల వ్యాపారికి అమ్మేస్తే, లోపల ప్లాస్టిక్ కవరు కూడా విప్పని టీవీ బయటపడింది. వ్యాపారి దాన్ని రాంచందరన్న దగ్గరికి తెచ్చాడు. దాన్ని చూసి ఆయన కొత్త దూడ పుట్టినట్టు సంబరపడ్డాడు.

కాసేపటికి నన్ను పిలిచాడు. అలిగిన మనిషి పిలిచాడంటే ఏదో అయిందని ఉరికాను. టీవీ నడుస్తోంది. ఆయన ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"శైలజా, నిజం చెప్పు. తెలుపు ఎట్లున్నది?"

"పాల లెక్కున్నదన్నా. నువ్వు పెట్టినవా?"

"నేను ముట్టలేదు. కంపెనీల పెట్టిందే. నాకు పసుపు నీళ్ళు చల్లినట్టు కనపడుతున్నది." ఆయన తెరకేసి వంగాడు. "ఒక్కదినం నడవని ట్యూబు. గన్ను ఎట్ల అరుగుతది? అరిగినా ముందు ఎర్రది అరగాలె. ముప్పై ఏండ్ల సంది నేను చూసింది గదే. అన్ని టీవీలల్ల నీలమే తక్కువైందంటే..."

ఆయన కళ్ళు నులుముకుని మళ్ళీ తెరవైపు చూశాడు. నాకు గెలిచినట్టు ఏమీ అనిపించలేదు.

మానుకోట దవాఖానలో రెండు కళ్ళకూ మోతిబిందు అన్నారు. కంటిలోని అద్దం పసుపెక్కి మసకబారడమే అదని, ముందు నీలాన్నే ఆపేస్తుందని డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. ముందు కుడికన్నుకు ఆపరేషన్ చేసి, నెల తర్వాత ఎడమకన్నుకు రమ్మన్నారు. కట్టు విప్పగానే ఆయన అన్న మొదటి మాట, "నర్సమ్మా, నీ చీరె నీలమా? దవాఖానకు నల్లచీరె కట్టుకొచ్చినవని నిన్నటి సంది తిట్టుకుంటున్న." వదినె నవ్వుతూ ఏడ్చిందట.

ఆ సంతోషం దుకాణం తెరిచేదాకే ఉంది. తాను సరిచేసి పెట్టిన టీవీలు ఒక్కొక్కటే వేసి చూసుకున్నాడు. ఆపేసి షట్టరు దించాడు. వారమైనా ఎత్తలేదు. రెండో కన్నుకూ పోనన్నాడు. నేను ఇంటికి పోయి అడిగితే విరుచుకుపడ్డాడు.

"రెండేండ్లు శైలజా! ఎన్ని ఇండ్లల్ల నీలం నింపి వచ్చిన! ధర్మేందర్ చెప్పిండు, నువ్వు చెప్పినవ్. మిగిలినోళ్ళు ఒక్కరన్న అన్నరా? మంచిగ చేసినవని పైసలిచ్చి చాయ్ పోసిండ్రు. అంటే ఏంది? పాపం ముసలోడు, కండ్లు కనపడుతలేవు, ఏమనొద్దని జాలి పడ్డరు. రెండేండ్లు నేను తిన్నది జాలి కూడు. ఇగ నేనేం మెకానిక్కును? గీ ఒక్క కన్ను చాలు నాకు."

నాకు కోపం వచ్చింది. జాలి వచ్చినప్పుడు నాకు వచ్చేది కోపమే. "తిట్టుకుంట కూసుంటే నీలం తగ్గుతదా? లే. ఎవలింట్ల పెంచినవో ఆ ఇంటికే పోయి తగ్గియ్. బండి నేను నడుపుత" అన్నాను. అద్దం, పనిముట్ల సంచి స్కూటీ మీద పెట్టుకుని తండాకు తీసుకుపోయాను.

మొదటి ఇల్లు గంగిది. డెబ్బై దాటిన మనిషి. కొడుకు హరీశ్ పొలం మీదికి పోయాడు, కోడలు జమున వాకిట్లో మిరపకాయలు ఎండబోస్తోంది. రాంచందరన్న లోపలికి వచ్చి కూర్చోలేదు, నిలబడే అడిగాడు.

"గంగవ్వా, నేను చేసిపోయిన కాడికెల్లి టీవీ నీలంగ ఉన్నదా లేదా?"

గంగి నోరు తెరిచేలోపే జమున అందుకుంది. "ఉన్నది కాకా. నేను ఎన్నిపార్లు చెప్పిన! అత్త నన్నే తిట్టింది, పనోనికి పేరు పెడుతవా అని."

ఆయన మొహం మాడిపోయింది. "సూసినవా?" అన్నట్టు నా వైపు చూశాడు. "ఎందుకు దాచినవవ్వా? నా మీద జాలి పడ్డవా?"

"జాలేంది కొడుకా?" గంగి నిజంగానే తెల్లబోయింది. "నువ్వు రాకముందు గా బొమ్మ మట్టి లెక్కుండె. నువ్వొచ్చినంకనే తెల్లగైంది. దీనికి బొమ్మ చూసుడు రాదు, ఊకె వాగుతది."

ఆయన నమ్మలేదు. గబగబా టీవీ ముందు అద్దం నిలబెట్టించి, వెనక మూత విప్పి, నీలం స్క్రూ తగ్గించాడు. అద్దంలో చూస్తూ ఇంకొంచెం తగ్గించాడు. తెరమీద ఎవరిదో పెళ్ళి జరుగుతోంది. పురోహితుడి పంచె తెల్లబడింది. రెండేళ్ళ తర్వాత ఆయన చేతిలో చూసిన ఆ తెలుపుకు నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఇగ మంచిగైంది" అంది జమున.

"ఏం మంచిగైంది? ఖరాబు చేసినవ్ కొడుకా!" గంగి మంచం మీంచి లేచి నిలబడింది. "అందరికి పసుపు పూసినట్టున్నది. ఎప్పటి తీరు పెట్టు."

రాంచందరన్న స్క్రూడ్రైవరు పక్కన పెట్టాడు. లేచి టీవీ ముందుకు వచ్చాడు. ఆపరేషన్ అయిన కంటికి అరచెయ్యి తగలకుండా అడ్డం పెట్టుకుని, రెండో కంటితో తెరను చాలాసేపు చూశాడు. చెయ్యి తీసి గంగిని గుమ్మం వెలుతురులోకి నడిపించి, వంగి ఆమె కళ్ళలోకి చూశాడు. నేనూ చూశాను. నల్లగా ఉండాల్సిన చోట బూడిద రంగు పొర ఉంది.

"అవ్వా, నువ్వు అవద్దమాడలే" అన్నాడు.

"నేనెందుకాడుత?"

ఆయన గడపమీద కూలబడ్డాడు. "శైలజా, నా గిరాకి ఎవరు? గంగవ్వ. అవతలి ఇంట్ల వాల్యా. దంతాలపల్లిల భద్రమ్మ. అందరు నా ఈడోళ్ళు, నాకన్న పెద్దోళ్ళు. అందరి కండ్లు నా తీరుగనే ఉన్నయి. నాకు తెల్లగ కనపడ్డది వాళ్ళకు తెల్లగనే కనపడ్డది. ఎవ్వరు జాలి పడలే." కన్నీళ్ళు తుడుచుకోబోయాడు. కొత్త కంటికి చెయ్యి తగలనీయొద్దని డాక్టరు చెప్పిందని నేను అరిస్తే, పక్కనున్న గంగి తన కొంగుతో చెంపలు మాత్రం ఒత్తింది. ఆయన ఎందుకేడుస్తున్నాడో ఆమెకు తెలియదు.

కాసేపటికి లేచి మళ్ళీ టీవీ వెనక్కి పోయాడు. నీలం పెంచడం మొదలుపెట్టాడు.

"కాకా, మళ్ల నీలం చేస్తున్నవేంది?" అంది జమున.

"అవ్వ చూసే టీవీ బిడ్డా. అవ్వకు కనపడాలె. ఆపరేషన్ అయినంక నేనే వచ్చి తగ్గిస్త." పురోహితుడి పంచె నీలమైంది. గంగి తృప్తిగా మంచం మీద కూర్చుంది. అప్పుడు గాని ఆపరేషన్ అన్న మాట మనసుకెక్కలేదు, ఉలిక్కిపడింది.

"ఆపరేషనా? ఎవలకు? కన్ను కోస్తరా? నేను రాను కొడుకా, నాకు ఉన్న చూపు చాలు."

రాంచందరన్న మూత బిగించి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. ఎన్నడూ లేనిది మెల్లగా మాట్లాడాడు.

"నేను సుత గదే అన్న అవ్వా. రెండేండ్లు అన్న. నొప్పి ఉండది, భయమొక్కటే ఉంటది. వచ్చే నెల నా ఎడమకన్నుకు పోవాలె, నాకింకా భయమే ఉన్నది. నువ్వు పక్కనుంటే పోత."

గంగి ఆయన మొహంలోకి మసకమసకగా చూసి, ఆయన చెయ్యి పట్టుకుంది. "అయితే పోదాం తియ్యి" అంది.