ముక్కక్క కొలత

మా ఇంట్లో ముక్కు ఆమెకుంది, ముక్కు మీద కోపం నాకుంది. ఆమె మా బావగారి భార్య, నా తోడికోడలు. పెద్దది కాబట్టి నేను అక్కా అంటాను. వీధిలో మాత్రం అందరూ ముక్కక్క అంటారు. వెక్కిరింతగా మొదలైన ఆ పేరు పోను పోను మర్యాదగా మారింది. తేనె కల్తీదో కాదో తేల్చుకోవాలంటే జనం సీసా పట్టుకుని మా గేటు దగ్గరికే వచ్చేవారు.

పెరట్లో గోడ వారగా తేనెటీగల పెట్టెలుంటాయి. అవి మా మామగారు మొదలుపెట్టినవి. ఆయన పోయాక కొడుకులిద్దరిలో ఒక్కరికీ వాటి మీద మనసు పోలేదు. బావగారు వ్యాను నడుపుతారు, మా ఆయన కరెంటు పనికి వెళతాడు. అలా పెట్టెలు అక్క చేతికి వచ్చాయి. నేను తేనెను సీసాల్లో నింపి, లేబుళ్లు అంటించి, గేటు పక్క గదిలో కూర్చుని అమ్ముతాను. ఈగల దగ్గరికి మాత్రం వెళ్లను. పెళ్లయిన కొత్తలో ఒకటి కనురెప్ప మీద కుడితే, వాచిన ముఖంతో ఉన్న నన్ను మా ఆయన గుర్తుపట్టలేదు.

అక్క పెట్టె మూత తీయకుండానే లోపలి సంగతి చెప్పేది. తలుపు సందు దగ్గర వంగి ఒక్కసారి గాలి పీల్చి, "ఇందులో రాణి పోయింది" అనేది. తీసి చూస్తే రాణి ఉండేది కాదు. ఇదేం మాయ అని ఒకసారి అడిగాను.

"మాయా లేదు, పాడూ లేదు. వాటి మాటలే వాసనలు," అంది. "లోపలంతా చీకటి, ఇక కళ్లతో ఏం పని? రాణి వాసన తగులుతున్నంతసేపు నిమ్మళంగా పని చేసుకుంటాయి. పూలు చూసొచ్చిన ఈగ తేనెపట్టు మీద నడుం ఊపుకుంటూ ఆడుతుంది. మిగతావి దాన్ని తడుముకుంటూ, దాని ఒంటి మీద పూల వాసన చూసుకుంటూ, ఎటు పోవాలో తెలుసుకుంటాయి. వాకిట్లో కాపలా ఈగ ఉంటుంది. అది కూడా వాసన చూసే, మనింటిదైతేనే లోపలికి రానిస్తుంది."

"అచ్చం నీలాగే. ఎవరొచ్చినా ముందు వాసన చూడటం," అన్నాను. ఆ మాటకు పొంగిపోయింది.

ఈగలకు అసలు పీడ నల్లి. ఆవగింజ కన్నా చిన్నది, ఎర్రగా, చదునుగా ఉంటుంది. పిల్ల ఈగలుండే గదుల్లోకి దూరి, పైన మూత పడ్డాక అక్కడే సంతానం పెంచుకుంటుంది. నల్లి పట్టిన పిల్ల రెక్కలు ముడుచుకుని పుడుతుంది. పైకి బాగానే ఉన్నట్టు కనిపించేవి కూడా మేతకు పోయి ఇంటి దారి మర్చిపోతాయి. గుప్పెడు ఈగల్ని సీసాలో వేసి పంచదార పొడి చల్లి కుదిపితే నల్లులు రాలతాయి. రాలినవి మరీ ఎక్కువైతే మందు పెట్టక తప్పదు. మా ఇంట్లో మందంటే వాము పువ్వు. తెల్లటి పలుకులు, మహా ఘాటు. చిన్న పళ్లెంలో పోసి పెట్టె మూత కింద ఉంచితే ఆ ఆవిరికి నల్లులు చస్తాయి. మోతాదు మించితే ఈగలే తట్టుకోలేవు.

ఎంత వేయాలో డబ్బా మీద రాసే ఉంటుంది. మామగారు దాన్ని చదవలేదు, అక్క మమ్మల్ని చదవనివ్వలేదు. ఎండను బట్టి, పెట్టెలో ఈగల బలాన్ని బట్టి మందు మారాలనేది ఆయన సిద్ధాంతం. పళ్లెం పెట్టి, మూత వేసి, చెయ్యి చాచినంత దూరంలో నిలబడాలి. వాసన తగలకపోతే ఇంకాస్త వేయాలి, తగలగానే ఆపేయాలి. కొలత అంటే అదే. అది ఎప్పుడూ తప్పలేదు కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు.

ఆ చలికాలం అక్కకు పెద్ద జ్వరం వచ్చి తగ్గింది. అప్పటికే బావగారు పెట్టెలు అమ్మేద్దామనే పాట అందుకున్నారు. ఊరి అవతల తేనె వ్యాపారి ఒకాయన మొత్తం తీసుకుంటానన్నాడు. "నీకా ఒంట్లో బాగోదు, వాటికా నల్లి వదలదు. ఎందుకొచ్చిన తలనొప్పి?" అని బావగారి వాదన. "నేను పోయాక అమ్ముకోండి" అని అక్క జవాబు. ఆ పెట్టెలుంటే ఆమె ముక్కక్క. లేకపోతే ఇంట్లో గిన్నెలు సర్దుకునే ఇంకో కోడలు. ఆ రెండో రకం బతుకు ఎలా ఉంటుందో నాకు తెలుసు, నేను ఆ రకమే.

ఒక పొద్దున గేటు గదిలో ఉన్న నాకు మాడు వాసన వచ్చింది. పరుగెత్తి వెళితే, పొయ్యి మీద పాలు అడుగంటి నల్లబడుతున్నాయి. పక్కనే అక్క పీట మీద కూర్చుని, అటు వీపు పెట్టి, తేనె పెట్టెల ఫ్రేములకు తీగ బిగిస్తోంది. "ఇల్లు తగలబడినా లేవవా తల్లీ?" అని అరిచాను. తలెత్తి పొయ్యి వైపు చూసింది. "ఆలోచనలో ఉన్నాను" అని గిన్నె దింపింది. ఆమె ఆలోచనలు ఆమెవి అనుకుని ఊరుకున్నాను.

పూత కాలం దగ్గరపడింది. పంచదార పొడి పరీక్షలో నల్లులు బాగానే రాలాయి. అక్క మందు పెట్టింది. మర్నాటికి తీగ మీద ఆరేసిన బట్టలన్నీ వాము పువ్వు కంపు. ఆ మర్నాటికి గేటు దగ్గర కూడా అదే. తేనె కొనడానికి వచ్చినవాళ్లు ఇది మందుల షాపా అని అడిగి పోతున్నారు. దెబ్బలాడదామని నెత్తిన వల టోపీ వేసుకుని పెరట్లోకి వెళ్లాను.

ఈగలు లోపల ఉండలేక పెట్టెల బయట గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. వాకిట్లో కాపలా ఈగలు సొంత ఇంటి ఈగల్నే పట్టుకుని కలబడుతున్నాయి. పూల పొడి మోసుకొచ్చినవి, లోపలికి రానివ్వకపోవడంతో, వచ్చిన దారినే తిరుగుతున్నాయి. అక్క కళ్లు ఎర్రగా ఉన్నాయి, నీళ్లు కారుతున్నాయి. అయినా పళ్లెంలో ఇంకా మందు పోస్తోంది.

"ఏడుస్తున్నావా?" అన్నాను.

"లేదు. నల్లి ముదిరింది. చూడు ఎలా పిచ్చెక్కినట్టు తిరుగుతున్నాయో. మందు చాలలేదు."

చాలలేదట. గేటు దాకా కంపు కొడుతుంటే చాలలేదట. అప్పుడు నాకు మాడిన పాలు గుర్తొచ్చాయి. నేను మాటలతో సరిపెట్టుకునే మనిషిని కాను, చేత్తో తేల్చుకునే రకం. లోపలికి పోయి, మూతి సన్నగా ఉన్న రేకు డబ్బాలో రెండు గరిటెల కిరసనాయిలు పోసి తెచ్చాను.

"అక్కా, ఈ తేనె ఏ పెట్టెదో కాస్త చెప్పు. సీసాలు కలిసిపోయాయి."

డబ్బా అందుకుంది. ఎప్పటిలాగే కళ్లు మూసుకుని, నిదానంగా పీల్చింది.

"మూల పెట్టెది," అంది.

నేను డబ్బా తీసుకుని ఆమె అరచేతిలో వంచాను. జిడ్డు నీళ్లు వేళ్ల సందుల్లోంచి జారాయి. ఆమె చేతిని చూసుకుంది, తర్వాత నన్ను చూసింది, తర్వాత కుక్కిన పేనులా అక్కడే ఇటుకల మీద కూర్చుండిపోయింది.

"జ్వరం తగ్గినప్పటి నుంచి," అంది. "సబ్బు వాసన లేదు, మట్టి వాసన లేదు. కాఫీ తాగితే వేడినీళ్లు తాగినట్టు ఉంటుంది."

"చెప్పి చావొచ్చుగా."

"చెబితే ఇంకేముంది? మీ బావగారు ఆ సాయంత్రమే పెట్టెలన్నీ వ్యాన్లో ఎక్కించేస్తారు." చెంగుతో కళ్లు తుడుచుకుంది. "వాసన ఎలాగూ తగలదు కదా, కనీసం కళ్లు మండితే సరిపోయినట్టే అనుకున్నా. కళ్లు మండేదాకా వేస్తూ పోయా."

తర్వాత పెట్టెల వైపు తిరిగి, వాకిట్లో కొట్టుకుంటున్న ఈగల్ని చూసి, "వాటి నోరు నేనే నొక్కేశానే" అంది. అప్పుడు నిజంగా ఏడ్చింది. నాకూ ఆగలేదు.

ఏడుస్తూ కూర్చుంటే పళ్లేలు వాటంతట అవి బయటికి రావు. ఆమె మూతలు ఎత్తింది, నేను పళ్లేలు లాగాను. రెండు చోట్ల కుట్టించుకున్నాను కూడా. మూతల కింద పుల్లలు పెట్టి గాలి ఆడనిచ్చాం. చీకటి పడే వేళకు గుత్తులు కొంచెం కొంచెంగా లోపలికి కదిలాయి.

నా నోట్లో నువ్వుగింజ నానదు. అందుకే, ఆ రాత్రి నేను నోరు తెరిచేలోగా అక్కే చెప్పేసింది. బావగారు అన్నం కలుపుతూ మొత్తం విన్నారు.

"అందుకా, ఈ మధ్య నా సాక్సుల గురించి ఒక్క మాటా అనట్లేదు. నేనే మారాననుకున్నా," అన్నారు.

మేమెవరమూ నవ్వలేదు. ఆయన కలిపిన ముద్ద కంచంలోనే వదిలి, "పూత అయ్యేదాకా చూద్దాం. పెట్టెలు నిలబడితే ఉంచుదాం. కానీ మందు తూకం వేసే పెట్టాలి. లోపలి సంగతి కనిపెట్టడానికి ఎవరిదో ఒకరిది ముక్కు ఉండాలి. ఎవరిది?" అన్నారు.

మా ఆయన పైకప్పు వైపు చూశాడు. "నాది ఉందిగా," అన్నాను. అన్నాక గానీ ఏమన్నానో నాకు తెలియలేదు.

బావగారు అక్కను డాక్టరుకు చూపించారు. వాసన తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడాయన. పెట్టెల్లో ఒకదాంట్లో రాణి చచ్చిపోతే, ఆ ఈగల్ని పక్క పెట్టెలో కలిపాం. ఇంకొకటి పూర్తిగా ఖాళీ అయింది. మిగతావి నిలబడ్డాయి. డబ్బా మీద రాసినట్టు తూచి, తక్కువ మందుతో మళ్లీ వేశాం, నల్లి తగ్గింది. వ్యాపారి వచ్చి అడిగితే, అమ్మట్లేదని బావగారే చెప్పి పంపేశారు.

ఇప్పుడు రోజూ పొద్దున్నే వల టోపీలు వేసుకుని ఇద్దరం పెరట్లోకి వెళతాం. నేను ప్రతి పెట్టె దగ్గరా వంగి వాసన చూసి చెబుతాను. మొదట్లో నా మాటలకు తలా తోకా ఉండేది కాదు. పుల్లగా అంటే ఎంత పులుపు, పెరుగులాగానా పాడైన పండులాగానా అని అక్క గుచ్చి గుచ్చి అడిగేది. పిల్ల ఈగలు చచ్చిన వాసనను నేను పట్టింది అలాగే, ఆమె ప్రశ్నలతో.

నిన్న మొదటి పెట్టె దగ్గర వంగాను.

"ఎలా ఉంది?" అంది.

"బాగానే ఉందక్కా. మామూలుగానే ఉంది."

ఎప్పుడూ ఆ మాట వినగానే పక్క పెట్టెకు నడిచే మనిషి, కదలలేదు.

"మామూలుగా అంటే ఎలా ఉంటుందో చెప్పు," అంది. "నేను మర్చిపోతున్నా."

నేను మళ్లీ వంగాను, ఈసారి నిదానంగా.