మునస్వామన్న హోటల్లో కూర్చునే పద్ధతి

పోయిన వేసవిలో అమ్మాయి, అల్లుడితో కలిసి కారులో బెంగళూరుకు పోతూ బంగారుపాళ్యం దగ్గర టిఫినుకు ఆగాం. కారు తలుపు తీయగానే నూనెలో వేగుతున్న వడల వాసన, దాని వెనకే కాగిన నెయ్యి వాసన ముక్కుకు తగిలాయి. వాళ్లిద్దరూ నేరుగా పోయి ఫ్యాను కింద బల్ల చూసుకుని కూర్చున్నారు. నేను కూర్చోలేదు. నా కాళ్లు వాటంతట అవే హోటలు వెనక్కి నడిచాయి. వంటింటి కిటికీలోంచి తొంగిచూశాను. పూరీలు ఎప్పుడో వేయించి బుట్టలో పోశారు. ఇడ్లీలు అప్పుడే దింపుతున్నారు. ఒక మూల ఒకావిడ రాగిసంగటి ముద్దలు చేస్తోంది. అంతా చూసుకుని తిరిగొచ్చేసరికి అమ్మాయి నవ్వుతోంది. "నాన్న తనిఖీ అయిపోయింది, ఇంక మనం ఏం కావాలో చెప్పొచ్చు" అంది అల్లుడితో. ఈ తనిఖీ నాకు నేర్పిన మనిషిని వాళ్లిద్దరూ చూడలేదు. ఆయన పేరు మునస్వామి. ఆయన నేర్పకపోతే నాకు ఉద్యోగం నిలిచేది కాదు, డెబ్బై దాటిన ఈ వయసులో ఇంత చులాగ్గా కారు దిగి నడిచేవాణ్ణీ కాను.

డెబ్బైల చివర్లో నేను తిరుపతి నుంచి బెంగళూరుకు పోయే బస్సులో కండక్టరుగా చేరాను. మునస్వామన్న దానికి డ్రైవరు. వడమాలపేట ఆయనది. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. నలభై దాటినా ఖాకీ చొక్కా ఒంటి మీద మడత నలగకుండా నిలిచేది. నేను చేరినప్పుడు మరీ లావేం కాదు, ఏడాదిలో అయ్యాను. మా వంశంలోనే ఉంది ఈ ఒళ్లు అని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేవాణ్ణి. వంశం పాపం ఏం చేసింది! అసలు కారణం హోటల్లో లోపలి గది. రోడ్డు మీద బస్సులు ఆగే ప్రతి హోటల్లోనూ డ్రైవరుకీ కండక్టరుకీ వేరే గది ఉండేది. యాభైమందిని తెచ్చి వాకిట్లో దించే మనుషులం కదా, మాకు అక్కడ కొత్తల్లుడి మర్యాద. నేతి దోశ, రెండు వడలు, మైసూరుపాకు, పైన చిక్కటి కాఫీ, అన్నీ ఊరికే. నాకు చాలు అనడం చేతకాదు. వాళ్లకు పెట్టడం ఆపడం చేతకాదు. మునస్వామన్న మాత్రం ఆ గది గడప తొక్కేవాడు కాదు. బయట ప్రయాణికుల మధ్య కూర్చుని తన డబ్బుతో తినేవాడు. ఆయన ఏం తినేవాడో నేనెప్పుడూ చూడలేదు, చూసే తీరిక నాకు లోపలి గదిలో ఎక్కడిది? నడిచొచ్చిన మర్యాదను కాలదన్నుకునే పిచ్చివాడనుకునేవాణ్ణి.

ఏడాది తిరిగాక ఉద్యోగం ఖాయం చేసే ముందు డాక్టరు పరీక్ష వచ్చింది. బరువు చూసే మిషను ముల్లు తొంభై రెండు దగ్గర ఆగింది. డాక్టరు కళ్లజోడు తీసి నన్ను కింద నుంచి పైదాకా చూశాడు. "బస్సులో సీట్ల మధ్య దారి ఎంత వెడల్పుంటుందో నీకు తెలుసు కదా? రక్తపోటు కూడా ఎక్కువగా ఉంది. ఆరు నెలలు టైమిస్తాను. ఎనభైకి లోపల రా. రాకపోతే నేను సంతకం పెట్టను" అన్నాడు. మా ఇంట్లో నెలజీతం తెచ్చిన మొదటివాణ్ణి నేను. నాయన రేణిగుంటలో మూటలు మోసి నన్ను చదివించాడు. నా ఖాకీ చొక్కాను ఆయనే ఉతికి ఆరేసేవాడు, మా ఆవిడ కమలను కూడా ముట్టనిచ్చేవాడు కాదు. ఆ చొక్కా విప్పాల్సి వస్తుందేమోనన్న మాట ఆయనకు ఎలా చెప్పాలో తెలియక ముందు మునస్వామన్నకు చెప్పాను. బస్సు అద్దం తుడుస్తున్నవాడు తుడుస్తూనే విన్నాడు.

"దానికి ఏడుపు మొగం ఎందుకప్పా? పన్నెండు కిలోలు గదా. యాడ ఎక్కించుకున్నావో ఆడే దించెయ్" అన్నాడు.

"పస్తుండాల్నా అన్నా?"

"పస్తుంటే చిత్తూరు చేరే లోపల నువ్వు పడిపోతావు, నేను బస్సాపి నిన్ను మోయల్ల. తిను. కానీ ఎంచుకోని తిను. లోపలి గదిలో నువ్వు ఎంచుకునేదేముండాది? వాళ్లు పెట్టిందంతా తినేదే గదా."

మర్నాడు చెంగల్రాయులు హోటల్లో నా చదువు మొదలైంది. బంగారుపాళ్యంలో మా బస్సు ఆగేది అక్కడే. నేను బల్ల ముందు కూర్చోబోతుంటే మునస్వామన్న నా భుజం పట్టి లేపాడు. "ముందు వంటిల్లు సూసిరా. కూసునేటప్పటికే ఏం తినల్లో తెలిసిపోవల్ల. కూసున్నాక సర్వరు పాట ఎత్తుకుంటాడు, నువ్వు తలూపతావు." నేను పోయి చూసొచ్చి, వడ, పూరీ, కారందోశ, పొంగలి అని వరసగా అప్పజెప్పాను. "అది గోడ మీద గూడా రాసుండాది. ఏది ఇప్పుడు దిగింది, ఏది నూనెలో మునిగింది, అది సూసి రమ్మంటే!" అని మళ్లీ పంపాడు. రెండోసారి కళ్లు పెట్టి చూశాను. పొంగలి మీద నెయ్యి మడుగు కట్టి ఉంది. ఇడ్లీ కుండ మూత అప్పుడే తీశారు. వెనక పొయ్యి మీద పనివాళ్ల కోసం వండుకున్న సంగటి, ఆకుకూర పప్పు ఉన్నాయి. గోడ మీద వాటి పేర్లు లేవు. మునస్వామన్న వాటిని అడిగి తెప్పించాడు. ముందు ఒక గ్లాసు మజ్జిగ తాగించాడు. ఒక ముద్ద సంగటి, గరిటెడు పప్పు తిని లేచాను. మధ్యాహ్నం దాకా ఆకలి వేయకపోవడం చూసి నాకే ఆశ్చర్యమేసింది. ఆ తర్వాత ఆయన కళ్లు నా టీల మీద పడ్డాయి. ఆగిన ప్రతి ఊళ్లోనూ నేనొక టీ తాగేవాణ్ణి, ఉత్త టీ తాగితే బాగుండదని రెండు బిస్కెట్లు కూడా. "బస్సు ఆగిన చోటల్లా నీ నోరు కదలాల్నా?" అన్నాడు ఒకరోజు, స్టీరింగు మీద నుంచి చేయి తీయకుండానే. ముందు సీట్లో ఆడవాళ్లు గొల్లున నవ్వారు. టీలు రెండుకు దిగాయి.

వారపు సెలవు రోజున తిరుపతిలో మా ఇంటికొచ్చి, నన్ను మార్కెట్టుకు తీసుకుపోతానన్నాడు. సంచీ పట్టుకుని బయటికొస్తే, "అన్నం తిన్యావా?" అని అడిగాడు. వచ్చి తింటానన్నాను. "తినేసే రా. అంతదాకా తిన్నె మీద కూసోనుంటా" అన్నాడు. విచిత్రం ఏమిటంటే, కడుపు నిండాక అదే మార్కెట్టు నాకు వేరేగా కనబడింది. ప్రతి వారం నన్ను పేరు పెట్టి పిలిచే కారాల అంగడి ఆ రోజు ఊరికే ఉంది. నేను అలవాటు కొద్దీ మిక్చరు పొట్లం మీద చేయి వేశాను. మునస్వామన్న ఆ చేయి పట్టుకుని పక్కనున్న, చిక్కుడులాంటి అనపకాయల కుప్ప దగ్గరికి నడిపించాడు. "డబ్బాలో మిక్చరుంటే చేయి దానంతటదే పోతాది. అనపకాయలైతే కూసోని ఒల్చుకోవల్ల, ఉడకేసుకోవల్ల. ఆ లోపల ఆకలి నిజమో కాదో తెలిసిపోతాది" అన్నాడు. బీరకాయలు, మునగాకు, పెసలు కొని, చిన్న సంచీ నిండగానే ఇంక చాలని వెనక్కి తిప్పాడు. ఇంటికొచ్చాక కమల ఆ సంచీ చూసి, "మిక్చరు లేకుండా ఈయన మార్కెట్టు నుంచి రావడం ఇదే మొదటిసారన్నా" అంది ఆయనతో.

నెలకోసారి బరువు చూసుకోవడానికి మునస్వామన్న ఒక చోటు పెట్టాడు. చిత్తూరులో బస్సు అరగంట ఆగేది. అక్కడ బెల్లం మండీలో ఆయనకు తెలిసిన గుమాస్తా ఉన్నాడు. బెల్లం బస్తాలు తూచే కాటా మీద నన్ను నిలబెట్టేవాళ్లు. "ఒక కండక్టరు, ఎనభై తొమ్మిది!" అని గుమాస్తా మండీ అంతా వినబడేలా అరిచాడు మొదటి నెల. బెల్లానికి తేమ కింద కొంత తగ్గించి తూకం రాస్తారు, ఈయనకు కూడా తగ్గించమంటారా అని అడిగాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను గానీ తూకం తగ్గినందుకు లోపల ఈలలు వేస్తున్నాను. రెండో నెల ఎనభై ఆరు. అప్పుడు నాకు కాస్త పొగరెక్కింది. ఇంత సులువైతే ఒక దోశకు ఏమవుతుందిలే అనుకున్నాను.

మునస్వామన్న రేడియేటరులో నీళ్లు పోస్తున్నప్పుడు చెంగల్రాయులు తలుపు చాటు నుంచి నాకు సైగ చేశాడు. "కండక్టరు సారూ, నేతి దోశ పెనం మీదుండాది. ఒక్కటి తినిపోండి." ఆయన తప్పేం లేదు, పెట్టడం ఆయన వ్యాపారం. నేను లోపలికి పోయి, నిలబడే గబగబా తిని, మూతి తుడుచుకుని వచ్చి మునస్వామన్న పక్కన కూర్చుని ఏమీ ఎరగనట్టు మళ్లీ ఇడ్లీ తిన్నాను. తర్వాతి ట్రిప్పులో అంతే. ఆ తర్వాత ప్రతి ట్రిప్పులో అంతే. మూడో నెల కాటా మీద నిలబడితే, "ఎనభై ఎనిమిది! ఏం సారూ, మళ్లీ ఎదగతా ఉండారే" అన్నాడు గుమాస్తా. ఒంటికి నీరు పట్టిందేమో అన్నా అని నేనేదో గొణిగాను. మునస్వామన్న నన్నొకసారి చూసి, బస్సెక్కి ఇంజను స్టార్టు చేశాడు.

మరుసటి ట్రిప్పులో నేను లోపలి గదిలో దోశ మొదటి ముక్క తుంచుతున్నాను. తెర పక్కకు జరిగింది. మునస్వామన్న తన ఇడ్లీ ప్లేటు చేత్తో పట్టుకుని వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. ఎన్నడూ రాని మనిషి గదిలోకి వచ్చేసరికి చెంగల్రాయులు కంగారుపడి రెండు మైసూరుపాకులు తెచ్చి మా ముందు పెట్టాడు. మునస్వామన్న వాటివైపు కాసేపు అలాగే చూసి, ప్లేటు పక్కకు నెట్టాడు. కోపంతో చూస్తున్నాడనుకుని నేను తల వంచుకున్నాను.

"తినప్పా. నీ నోరు, నీ ఒళ్లు, నేనెవురు వద్దనేదానికి?" అన్నాడు మెల్లగా. "కానీ దాక్కోని తినొద్దు. దాక్కోని తింటే రుచీ తెలీదు, ఎంత తిన్యావో గూడా తెలీదు. నా ముందర తిను."

తుంచిన ముక్క ప్లేటులోనే పెట్టేశాను. తిట్టి ఉంటే తినేసేవాణ్ణేమో. ఆయన ఇడ్లీ తింటూనే, "నీ మాదిరి నగుతా మాట్లాడే కండక్టరు నాకు మళ్లీ యాడ దొరకతాడు? ముసిలోళ్లు నిన్ను సూసి మన బస్సు కోసరం కాసుకోనుంటారు. నువ్వు పోతే ఇంత దూరం నేను ఎవురితో మాట్లాడేది?" అన్నాడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. దోశ అక్కడే వదిలి లేచాను. మళ్లీ ఆ గదిలో అడుగు పెట్టలేదు. ఇంటికి పోయాక డాక్టరు మాట నాయనకు కూడా చెప్పేశాను. ఆయన ఆరిన చొక్కా మడత పెడుతూ, "చొక్కా వదులైతే నేను కుట్టిస్తాలే" అన్నాడు.

అక్కణ్ణుంచి బండి దారిలో పడింది. మామిడికాయల కాలం వచ్చినప్పుడు మాత్రం భయపడ్డాను. బంగారుపాళ్యంలో బుట్టలతో బస్సెక్కే రైతులు ప్రేమగా ఇచ్చిన పండ్లు ముందేడు చిత్తూరు చేరేలోపల ఆరేడు తినేవాణ్ణి. ఈసారి పండ్లు మానేస్తానని మునస్వామన్నతో గొప్పగా చెప్పాను. ఆయనకు కోపం వచ్చింది. "ఈ జిల్లాలో పుట్టి మామిడిపండు మానేస్తావా? ఒకటి తిను. బుట్టంతా ఎతికి, వాసన సూసి, అన్నిట్లోకీ మంచిది ఒకటి ఏరుకోని తిను" అన్నాడు. ఆ ఏడు నేను తిన్న మామిడిపండ్ల రుచి ఇప్పటికీ చెప్పగలను. ముందటేడు తిన్నవాటిలో ఒక్కటీ గుర్తులేదు.

ఆరో నెల చివర డాక్టరు మిషను ముల్లు ఎనభైకి అర కిలో ఇవతలే ఆగింది. ఆయన రెండుసార్లు చూసి సంతకం పెట్టాడు. మర్నాడు బంగారుపాళ్యంలో బస్సాగగానే మునస్వామన్న నాకంటే ముందు దిగి వంటింట్లోకి పోయి వచ్చాడు. బల్ల ముందు కూర్చుని, "చెంగల్రాయులూ, ఒక మైసూరుపాకు ఇయ్యి" అన్నాడు. నేను నోరు తెరిచాను.

"నీకు తీపి ఇష్టమా అన్నా? ఎప్పుడూ తినంగా సూడలేదే!"

చెంగల్రాయులు పెద్దగా నవ్వాడు. "ఇష్టమా అని మెల్లగా అడగతా ఉండారా? మీరు లోపలి గదిలో ఉంటిరి, మీకేం తెలుస్తాది సారూ. ట్రిప్పుకొక మైసూరుపాకు, ఈ బల్ల మీదనే. ఆర్నెల్లుగా ముట్టలేదు. చక్కెర జబ్బేమో అనుకున్యా, అడిగేదానికి నోరు రాలేదు."

"నువ్వు ఊరుకోప్పా" అని మునస్వామన్న ఆయన్ను కసిరాడు. నావైపు చూడకుండా, "నేను తింటా నిన్ను వద్దంటే బాగుంటాదా?" అన్నాడు. ఆ రోజు లోపలి గదిలో ఆయన ఆ ప్లేటు వైపు అంతసేపు ఎందుకు చూశాడో నాకు అప్పుడు తెలిసింది. ఒళ్లు తగ్గించుకోవాల్సినవాణ్ణి నేను. నోరు కట్టుకున్నది ఆయన. అదీ నాకు తెలియకుండా. నేను దాక్కుని దోశలు తింటున్న రోజుల్లో కూడా ఆయన మైసూరుపాకు ముట్టలేదు. ఆయన చేయి పట్టుకున్నాను. ఆయన చేయి విడిపించుకుని మైసూరుపాకు రెండుగా విరిచి సగం నా చేతిలో పెట్టాడు. "ఇప్పుడే దిగింది. సూసే వచ్చినా" అన్నాడు.

ఆ తర్వాత చాలా ఏళ్లు ఒకే బస్సులో తిరిగాం. నాయన నా చొక్కాలను రెండుసార్లు చిన్నవి చేయించాడు. మునస్వామన్న రిటైరై వడమాలపేటలో పొలం చూసుకుంటూ ఉండి, ఒకనాడు పోయాడు. ఆయన ఫోటో ఒక్కటి కూడా నా దగ్గర లేదు. కానీ ఈనాటికీ ఏ హోటలుకు పోయినా నేను వంటిల్లు చూడకుండా కూర్చోను, ఆకలితో మార్కెట్టుకు పోను, మామిడిపండు ఏరకుండా కొనను.

పోయిన వేసవిలో ఆ రోజు బంగారుపాళ్యంలో ఇడ్లీలు తిన్నాక నేను మళ్లీ లేచి పోయి అప్పుడే ముక్కలు కోసిన పళ్లెంలోంచి ఒక మైసూరుపాకు తెచ్చాను. రెండుగా విరిచి సగం అల్లుడి చేతిలో పెట్టాను. "నాకు లేదా నాన్నా?" అంది అమ్మాయి. "బండి నడిపేవాళ్లకే ముందు" అన్నాను. మిగిలిన సగం నేను కూర్చుని, నిదానంగా, వాళ్లిద్దరి ముందర తిన్నాను.