పిన్ని హోటల్లో మూల బల్ల

రాజమండ్రిలో రైలు దిగి కారులో ఇంటికి వస్తున్నాను. జొన్నాడ దాటి వంతెన ఎక్కుతుండగా మా చెల్లి, పిన్ని కూతురు, ఫోన్ చేసింది. "అన్నయ్యా, అమ్మ పోయింది" అంది. మా పిన్ని ఆ పొద్దున కూడా ఎప్పటిలాగే హోటల్ నడిపిందట. టిఫిన్ల వేళ అయిపోయాక పెనం కడిగి బోర్లించి, కాసేపు నడుం వాలుస్తానని లోపల చాప వేసుకుంది. అన్నానికి లేపబోతే లేవలేదు.

నా మొహం చూసి డ్రైవరు "ఏవయ్యిందండీ?" అని అడిగాడు. కొత్తపేట బస్టాండు ఎదురుగా హోటల్ నడిపే మా పిన్ని పోయిందని చెప్పాను.

"దిబ్బరొట్టెల హోటలమ్మగారాండీ?"

"ఆయ్."

"అయ్యో, మొన్న కూడా తిన్నానండి ఆవిడ చేత్తో. పక్కన కూర్చుని మా అమ్మాయి పెళ్ళి సంగతంతా అడిగేరండి" అన్నాడు.

హైదరాబాదుకి ఇంత దూరంలో, కొబ్బరితోటల మధ్య కూర్చుని సినిమాలు ఎలా రాస్తున్నావని మీలో చాలామంది అడిగారు. ఇంటర్వ్యూల్లో గోదావరి గాలి అనీ, ప్రశాంతత అనీ ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాడిని. అసలు జవాబు మా పిన్ని. ఆవిడ బతికుండగా ఆ మాట పేపర్లో పడితే హోటల్ ముందు జనం మూగుతారని నన్ను చెప్పనిచ్చేది కాదు. ఇప్పుడు చెబుతున్నాను.

పిన్ని మా అమ్మకి చెల్లెలు. బాబాయి చిన్న వయసులోనే పోయాడు. అప్పటికి మా చెల్లి చంకలో పిల్ల. దానికి నాలుగేళ్ళు వచ్చేసరికి పిన్ని వంటపనికి కువైట్ వెళ్ళింది. కాట్రేనికోనలో అమ్మమ్మగారింటి నుంచి వెళ్ళింది. ఆ తర్వాత చెల్లి కొత్తపేటలో మా ఇంట్లో, నా పక్కన పెరిగింది. "పిల్ల నిద్రలో ఉండగా లేపకుండా వెళ్ళిపోయింది" అన్నది మా ఇళ్ళల్లో అందరికీ తెలిసిన కథ. అమ్మమ్మ చెప్పేది, అమ్మ చెప్పేది. చెల్లి అది వింటూ పెరిగింది. పిన్ని తిరిగి వచ్చేసరికి అది ఓణీలు వేసుకునే పిల్ల అయిపోయింది. ఆవిడ తెచ్చిన సెంటు సీసా, పూల దుప్పటి తీసుకుంది గానీ దగ్గరికి వెళ్ళలేదు. "పిన్నీ" అనబోయి సర్దుకుని "అమ్మా" అనడం నేను విన్నాను. పిన్ని కూడా విన్నది. విననట్టు పెట్టె తాళం తీస్తూ ఉండిపోయింది.

ఆ వచ్చిన ఏడే హోటల్ పెట్టింది. నాలుగు బల్లలు, ముందు రేకుల పంచ. ఇడ్లీ, పెసరట్టు, దిబ్బరొట్టె, అల్లం పచ్చడి. ఎవరు వచ్చినా "ఏ ఊరండీ మీది?" అని మొదలుపెట్టేది. పెసరట్టు తిరగేసేలోగా వాళ్ళ ఊరు, తిని చెయ్యి కడిగేలోగా వాళ్ళింటి గొడవ బయటికి వచ్చేసేవి. గల్ఫ్‌కి బయలుదేరే ఆడవాళ్ళు బస్సు కోసం అక్కడే ఆగేవాళ్ళు. వాళ్ళకి మాత్రం ఏమీ అడగకుండా పచ్చడి కాస్త ఎక్కువ వేసేది.

నేను ఆ కాలంలో హైదరాబాదులో ఉండేవాడిని. రచయితనవుదామని వెళ్ళి, కథా చర్చల్లో కూర్చుని, ఎవరి సినిమాలకో సీన్లు రాసి ఇచ్చేవాడిని. నేను రాసినవి తెర మీద కనపడేవి, నా పేరు కనపడేది కాదు. ఆఖరికి రాయబోయే ప్రతి మాటా ఎక్కడో విన్నట్టే అనిపించడం మొదలైంది. నాన్నకి ఒంట్లో బాగాలేదన్న కబురు రాగానే వచ్చేశాను. ఆయన కోలుకున్నారు. నేను తిరిగి వెళ్ళలేదు. ఊళ్ళో ఎవరు ఎదురైనా "సెలవలాండీ?" అని అడిగేవారు. అందుకని ఇంట్లోంచి కదిలేవాడిని కాను.

పిన్నే ఒకరోజు కబురు పెట్టి పిలిపించింది. ఎందుకొచ్చావని అడగలేదు.

"పదింటి తర్వాత ఆ మూల బల్ల ఖాళీగా ఉంటదిరా. ఫ్యాను కూడా అక్కడే. కూర్చుని రాసుకో."

"ఇంకేం రాస్తాను పిన్నీ..."

"నాకేం తెల్సు? ఊరికే కూర్చో అయితే. నాకు తోడుగా ఉంటావు."

తోడుకని కూర్చున్నాను. కొన్నాళ్ళు ఉత్తినే చెవులు అప్పగించి కూర్చున్నాను. కొబ్బరికాయల దింపు కూలీలు, పెళ్ళి చూపులకి వెళుతూ దారిలో పోట్లాడుకునే అక్కాచెల్లెళ్ళు, బస్సు తప్పిపోయినా కంగారు పడని ముసలాయన. హైదరాబాదు గదుల్లో మేం "క్యారెక్టర్" అని పిలిచేవాళ్ళు ఇక్కడ పచ్చడి మరికాస్త వేయమని అడుగుతున్నారు. మెల్లగా చెయ్యి కదిలింది.

రాసినది పిన్నికి చదివి వినిపించేవాడిని. ఆవిడ వినేటప్పుడు నన్ను చూసేది కాదు. పక్క బల్లల వైపు చూసేది.

"నా కేసి కాదురా, ఆళ్ళ కంచాల కేసి చూడు. ఆయన చెయ్యి ఆగిందా? ఆగితే నీ కథ బావున్నట్టు. తినేత్తా ఉన్నాడంటే ఇడ్లీ బావున్నట్టు."

చాలాకాలం ఇడ్లీయే బాగుంది.

ఆవిడ అభిప్రాయాలన్నీ నేను వినేవాడినేం కాదు. పిన్నికి పాటలు కావాలి. ప్రతి కథలోనూ ఒక దుర్మార్గుడు ఉండి, చివర్లో వాడు కాలవలో పడాలి. "అంత ఖర్చు పెట్టి ఒక్కణ్ణి కూడా కాలవలో తొయ్యకపోతే ఎలాగరా?" అని నిజంగానే బాధపడేది.

ఒక మధ్యాహ్నం పప్పు కడుగుతూ కువైట్ సంగతులు చెప్పింది. ఆ ఇంటి పిల్లవాడిని చేతుల మీద పెంచింది. వచ్చేసేనాడు వాడు కొంగు వదలలేదట. "ఇక్కడికొస్తే నా పిల్ల నా కొంగు ముట్టుకోలేదు. దేవుడు లెక్క తప్పేడనుకున్నాను" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఇన్నేళ్ళూ నేను వెతుకుతున్న కథ నాకు టిఫిన్ పెడుతూ నా ఎదుటే తిరుగుతోందని అప్పుడు తెలిసింది. రాయనా అని అడిగాను.

"సగం నాది, రాసుకో. సగం దానిది. దాన్నడుగు."

చెల్లిని అప్పటికి అంబాజీపేట ఇచ్చాం. దానికీ ఒక పాప. వెళ్ళి అడిగాను. అది కోప్పడలేదు, కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "మా అమ్మ నన్ను నిద్రలో వదిలేసి పోయిందని లోకమంతా టిక్కెట్టు కొనుక్కుని చూడాలా అన్నయ్యా?" అంది. నేను వచ్చేశాను. పిన్నికి చెబితే "మంచిది. తినేసెళ్ళు" అంది. ఆ కథ అక్కడితో వదిలేశాను. నిజంగానే వదిలేశాను.

తర్వాతి వానాకాలంలో, ముసురు పట్టి బస్సులు కూడా పలచబడ్డ ఒక రోజు, చెల్లి గొడుగు మడుస్తూ హోటల్లోకి వచ్చింది. పాపని బడిలో చేర్చి వస్తున్నానంది. బడి గుమ్మం దగ్గర అది వెనక్కి తిరిగి కూడా చూడకుండా లోపలికి పరిగెత్తిందట. చెప్తూ చెప్తూ ఆగి, పిన్ని వైపు తిరిగింది. పుట్టి బుద్ధెరిగాక అడగని మాట అడిగింది.

"నన్ను లేపకుండా ఎందుకెళ్ళేవమ్మా?"

పిన్ని గరిటె పక్కన పెట్టింది. పొయ్యి ఆర్పింది.

"లేపేనే."

చెల్లి గొడుగు బల్లకి ఆనించి ఆవిడ దగ్గరికి వచ్చింది.

"లేపేను. తల దువ్వేను. నేను సంతకెళ్తున్నాననుకున్నావు నువ్వు. నాకేం తెస్తావన్నావు. గాజులు తెస్తానన్నాను. కారు కదుల్తుంటే అరుగు మీద నిలబడి నవ్వుతా చెయ్యూపేవు. నేను మలుపు తిరిగేదాకా ఊపుతానే ఉన్నావు."

"మరి అమ్మమ్మ..."

"ఆవిడికి నేనే చెప్పేను, అలా చెప్పమని. అమ్మని నవ్వుతా పంపించేనని నీకు తెలిస్తే పెద్దయ్యేక నీ మీద నీకే కోపం వస్తది. అది మోయలేవు. నా మీద కోపవంటావా, నేను మోసుకుంటాను. మోసేను కదా."

చెల్లి నిలబడ్డ చోటే కూలబడింది. పిన్ని తడి చెయ్యి చీరకి తుడుచుకుని దాని పక్కనే నేల మీద కూర్చుంది. నేను బయటి పంచలోకి వెళ్ళిపోయాను. వాన వెలిసేలోగా ఒకసారి లోపల ఇద్దరూ నవ్వినట్టు వినిపించింది.

వెళ్ళేటప్పుడు చెల్లి నా దగ్గర ఆగి, "రాయి అన్నయ్యా. ఆ పిల్ల నిద్రపోతున్నట్టు మాత్రం రాయకు" అంది.

ఆ శీతాకాలం అంతా రాశాను. హైదరాబాదులో తెలిసినవాళ్ళకి పంపితే, కథ బాగుంది, వచ్చి ఇక్కడ కూర్చోండి, తల్లి బదులు తండ్రి వెళ్ళినట్టు మారుద్దాం అన్నారు. రానన్నాను. అలా అనగలనని అప్పటిదాకా నాకే తెలీదు. నెలలు గడిచాయి. చివరికి ఒక కుర్ర దర్శకుడు, అప్పటికి ఒక్క సినిమా కూడా తియ్యనివాడు, బస్సు దిగి నేరుగా హోటల్‌కి వచ్చాడు. మూల బల్ల దగ్గర అతనికి దిబ్బరొట్టె పెట్టించి కథ చెప్పడం మొదలుపెట్టాను. మధ్యలో పిన్ని రెండుసార్లు అటుగా తిరిగింది. అతను చేతులు కడుక్కోడానికి లేవగానే వంగి నా చెవిలో అంది.

"ఆయన రొట్టె చల్లారిపోయిందిరా. సినిమా అవుద్ది."

అయింది. కొత్తపేటలోనే, కాలవ గట్టున ఒక పెంకుటిల్లు అద్దెకి తీసుకుని తీశారు. షూటింగు వాళ్ళందరికీ టిఫిన్లు పిన్ని హోటల్ నుంచే వెళ్ళేవి. విడుదలైన వారం థియేటర్లు సగం ఖాళీ. ఆ తర్వాత చూసినవాళ్ళు చూడనివాళ్ళని తీసుకురావడం మొదలుపెట్టారు. కువైట్ నుంచి, మస్కట్ నుంచి ముక్కూ మొహం తెలియని ఆడవాళ్ళు ఫోన్ చేసి, హలో అని, ఇంకేమీ మాట్లాడకుండా ఏడ్చేవారు.

పిన్నిని అమలాపురం తీసుకెళ్ళి చూపించాం. చెల్లికీ నాకూ మధ్య కూర్చుంది. విశ్రాంతిలో, పాట ఇంకా రాలేదేమిటని అడిగింది. పాప అరుగు మీద నిలబడి చెయ్యి ఊపే సీన్ వచ్చినప్పుడు నేను తెర వైపు చూడకుండా పిన్ని వైపు చూశాను. కళ్ళు ఆర్పకుండా చూస్తోంది. చెల్లి చెయ్యి ఆవిడ ఒళ్ళో ఉంది. బయటికి వచ్చాక మెట్ల మీద ఒకావిడ, మాకు తెలియని మనిషి, గోడకి ఆనుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది. పిన్ని వెళ్ళి ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది.

"ఊరుకోమ్మా, ఊరుకో. సినిమాయే కదా. ఎవరో రాసింది."

ఆ తర్వాత హైదరాబాదు నుంచి పిలుపులు వచ్చాయి, వస్తూనే ఉన్నాయి. పనుంటే వెళ్తాను, రెండో రోజుకి తిరిగి వస్తాను. కథ కావలసినవాళ్ళు కొత్తపేట వస్తున్నారు. ఇంత గుర్తింపు వచ్చినా పిన్ని దృష్టిలో నేను తోడుకి కూర్చున్నవాడినే. జనం ఎక్కువైతే "లేవరా, ఆళ్ళని కూర్చోనీ" అని బల్ల ఖాళీ చేయించేది. మూడో సినిమాలో ఆవిడ కోసం ఒక దుర్మార్గుణ్ణి కాలవలోకి తోయించాను. చూసి, "నీళ్ళు మరీ మోకాలి లోతున ఉన్నాయి" అని పెదవి విరిచింది.

పోయిన నెలలో ఒక పెళ్ళికి పూతరేకులు చెప్పడానికి నన్ను వెంటబెట్టుకుని ఆత్రేయపురం వెళ్ళింది. అదే మేం కలిసి వెళ్ళిన చివరి ప్రయాణం. ఒక ఇంటి వరండాలో ముగ్గురు ఆడవాళ్ళు వరసగా కూర్చుని, బోర్లించిన కుండల మీద పిండి నీళ్ళ గుడ్డ ఒక్కసారి లాగి రేకులు తీస్తున్నారు. పిన్ని వాళ్ళ పక్కన పీట వేసుకుని కూర్చుని ఎవరిది ఏ ఊరో అప్పుడే అడిగేసింది. వాళ్ళలో ఒకావిడ పంచదార వేయని ఉత్త రేకు ఒకటి నవ్వుతూ ఆవిడ చేతిలో పెట్టింది. పిన్ని అది పట్టుకుని ఎండలోకి వచ్చింది. రెండు చేతులా జాగ్రత్తగా పైకెత్తి, మొహానికి అడ్డంగా పెట్టుకుని, అందులోంచి గోదావరి గట్టు చూసింది, చెట్లు చూసింది, నా వైపు తిరిగింది.

"ఒరే, నువ్వు అవుపిస్తన్నావురా ఇందులోంచి!"

ఆ పల్చటి తెల్లదనం వెనక నాకు ఆవిడ నవ్వు మాత్రమే కనిపించింది. ఇంతలో గాలి వీచి రేకు మధ్యకి చిరిగింది. పిన్ని అటూ ఇటూ చూసి, రెండు ముక్కలూ ఒకేసారి నోట్లో వేసుకుంది.