ఎవరి కోసం ఆ స్నానం

మా పిన్ని ఇప్పటికీ పెళ్లిళ్లలో నేను కనిపిస్తే మొహం తిప్పుకుంటుంది. ఆమెకు నేను అన్యాయం చేశానని బంధువులంతా తేల్చేశారు. నాకు జరిగిన అన్యాయం గురించి మాత్రం ఎవరూ ఏమీ తేల్చలేదు. అందుకే రాస్తున్నాను.

డెబ్బైల్లో, నేను ఐదో తరగతి చదివే రోజుల్లో అమ్మకు జబ్బు చేసింది. నాయన ఆమెను మా ఊరు ఉదయగిరి నుంచి నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకుపోతూ, దారిలో నన్ను ఆత్మకూరులో పిన్ని ఇంట్లో వదిలాడు. అమ్మ బస్సు దిగలేదు. కిటికీలోంచి చెయ్యి చాపి నా జడ రిబ్బను సరిచేసింది. "నయం కాగానే ఇద్దరం వచ్చి నిన్ను పిల్చుకుపోతాం" అన్నాడు నాయన.

ఆ ఇంట్లో పిన్ని, ఆమె భర్త, ఆయన తల్లి ఉండేవాళ్లు. పిన్ని భర్తను చిన్నాయన అనేదాన్ని, ముసలామెను అవ్వ అనేదాన్ని. పిన్నికి అప్పటికి పిల్లల్లేరు. అవ్వకు చదువు రాదు. కూతురి దగ్గర నుంచి ఆమెకు కార్డు వస్తే చదివిపెట్టే పని నాది. "నా కొడుకు చదివితే సగం మింగేస్తాడు. నువ్వయితే ఉండేది ఉండేట్టు చెప్తావు" అనేది అవ్వ. ఆ మాటకు నేను పొంగిపోయేదాన్ని.

వచ్చిన మూడో వారంలో, ఒక మధ్యాహ్నం టెలిగ్రాం వచ్చింది. వాకిట్లో ఉన్నది నేనే, అందుకున్నది నేనే. అందులో అంతా ఇంగ్లీషు. ఐదో తరగతిలో మాకు ఇంగ్లీషు లేదు. దాన్ని పట్టుకుని పరిగెత్తుకుంటూ పోయి, అన్నం తింటున్న చిన్నాయనకు ఇచ్చాను. ఆయన ఎడమచేత్తో అందుకుని చదివి, తింటున్న కంచంలోనే చెయ్యి కడిగేశాడు.

"ఎవురు చిన్నాయనా?"

ఆయన పిన్ని వైపు చూశాడు. "మా మేనత్తమ్మా. పోయిందంట. నీకు తెలీదులే."

పిన్ని గోడకు జారగిలబడి నోట్లో కొంగు కుక్కుకుంది. మొగుడి మేనత్త కోసం ఇంతగా ఏడుస్తుందే, ఎంత మంచిది మా పిన్ని అనుకున్నాను. ఇది నేను మర్చిపోలేని వాటిలో ఒకటి. ఆమెను మెచ్చుకున్నాను నేను.

వాళ్లిద్దరూ బస్సుకు పోయాక అవ్వ నన్ను దొడ్లోకి పిలిచింది. "రా, తలకు పోసుకోవాల. చావు కబురు విన్నాం గదా."

"నాకెందుకవ్వా? నాకేం కాదు గదా ఆమె."

"ఇంట్లో ఉండేవాళ్లంతా పోసుకోవాల. నోరు మూసుకుని కూచో."

చెంబుతో చన్నీళ్లు పోసింది. కళ్లు మూసుకునే అన్నాను, "మనవాళ్లు కాదు, అంతే చాలవ్వా. నేను మా అమ్మేమో అనుకుని భయపడినాను."

చెంబు ఆగింది. తర్వాత మళ్లీ నీళ్లు పడ్డాయి. అవ్వ నా తల తుడిచి లోపలికి పోయింది. ఉండేది ఉండేట్టు చెప్తానని నన్ను మెచ్చుకున్న మనిషి!

నెల్లూరు నుంచి ఉదయగిరికి దారి ఆత్మకూరు మీదుగానే. అమ్మ శవాన్ని తీసుకుపోయిన కారు పిన్నివాళ్ల వీధి మొదట్లోని రోడ్డు మీదే పోయి ఉంటుంది. అప్పుడు నేను అరుగు మీద కూచుని జుట్టు ఆరబెట్టుకుంటూ ఉండి ఉంటాను.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. ప్రతి ఆదివారం చిన్నాయన కార్డు తెచ్చి నా ముందు పెట్టేవాడు. "మీ అమ్మకి రాయి, సంతోషపడతాది." నేను రాసేదాన్ని. లెక్కల్లో ఎన్ని మార్కులొచ్చాయో, అవ్వ చేసిన పప్పుచారు నీ పప్పుచారులా లేదని, రిబ్బను పోయిందని. జవాబులు నాయన రాతలో వచ్చేవి. "మీ అమ్మ నీ కార్డు చదివించుకుని నవ్వింది. బాగా చదువుకోమంది." నేను వాటిని దిండు కింద పెట్టుకుని పడుకునేదాన్ని.

వేసవి సెలవులకు చిన్నాయన నన్ను ఉదయగిరి తీసుకొచ్చాడు. మా పక్కింట్లో కొయ్య గరిటెలు చేసే సాయిబుల కుటుంబం ఉండేది. ఆ ఇంటామె వాకిట్లో గరిటెలకు నునుపు పడుతూ నన్ను చూసింది. చేతిలోది పారేసి వచ్చి కావలించుకుంది. "అయ్యో బేటీ, తల్లిలేని బిడ్డవైతివే. నాలుగు నెల్లాయె, ఇప్పుడా నిన్ను తెచ్చేది?"

నాతో నిజం చెప్పిన మొదటి మనిషి ఆమె. అది కూడా చెప్పాలని చెప్పింది కాదు, నాకు తెలిసే ఉంటుందనుకుంది.

ఇంట్లోకి పోయి నాయనను అడిగాను. ఆయన తల వంచుకున్నాడు. "చిన్నపిల్లవి, తట్టుకోలేవని..." ట్రంకుపెట్టె తీసి, నా కార్డులన్నీ దారంతో కట్టిన కట్ట చూపించాడు. "ప్రతి కార్డూ చదివి ఏడ్చినానమ్మా." నన్ను ఊరడించడానికే ఆ మాట అన్నాడేమో. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఆయనకు ఏడవడానికి నా కార్డులన్నా ఉన్నాయి. నాకేం మిగిల్చారు? దినాలు, నెలమాసికం అన్నీ అయిపోయాయి. నేను ఏడుపు మొదలుపెట్టేసరికి ఇంట్లో అందరూ ఏడ్చి లేచిపోయారు. "ఇప్పుడెందుకమ్మా ఏడవడం, ఏడవబాక" అన్నారు.

ఏడవలేదు. మాట్లాడటం కూడా మానేశాను. ఆ సంవత్సరమంతా నాయన ఎక్కడికి బయల్దేరినా వెనకాలే బస్టాండుదాకా పోయేదాన్ని. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. ఏమైందమ్మా అని నన్ను అడిగిన పెద్దమనిషి ఒక్కరూ లేరు. తాయెత్తునే అడిగారు.

ఎనభైల్లో నేను ఉదయగిరిలోనే టీచరునయ్యాను. ఒక ఆదివారం ఆత్మకూరు నుంచి మొదటి బస్సులో మా మామ దిగాడు, అమ్మకూ పిన్నికీ తమ్ముడు. వెంట పిన్ని కూతురు. పెళ్లయిన ఎన్నో ఏళ్లకు పుట్టిన పిల్ల, ఎనిమిదేళ్లుంటాయి. మామ నన్ను పక్కకు పిలిచాడు. "మీ చిన్నాయన తెల్లారుజామున పోయినాడు. గుండెపోటు. సాయంత్రం ఎత్తేస్తారు. పిల్లని పది రోజులు నీ దగ్గర పెట్టుకో. నాయన మద్రాసు ఆస్పత్రికి పోయినాడని చెప్పినాం. నువ్వూ అదే చెప్పు."

"నాకా చెప్పేది మామా ఈ మాట?"

"నీకు గాక ఇంకెవురికి చెప్తాం? ఇంట్లో మనిషివి."

వాళ్లకు గుర్తే లేదు. నాకు చేసిన పని వాళ్లకు గుర్తే లేదు!

పిల్ల మంచం మీద కూచుని కాళ్లు ఊపుతోంది. "అక్కా, మద్రాసు నుంచి నాయన నాకు బొమ్మ తెస్తాడంట. నిజమేనా?"

పక్కన కూచున్నాను. "లేదమ్మా. నాయన మద్రాసు పోలేదు. తెల్లారుజామున చనిపోయినాడు. ఇంట్లోనే ఉండాడు. సాయంత్రం తీసుకుపోతారు. చూడాలనుందా?"

మామ గుమ్మంలోనే అరిచాడు. "ఒసే, నీకు మతి పోయిందా!"

పిల్ల కాళ్లు ఊపడం ఆపేసింది. "మరి అమ్మ ఎందుకట్లా చెప్పింది?" అంది. నేను దాని చెయ్యి పట్టుకున్నాను. "పోదామక్కా" అంది ఆఖరికి.

తర్వాతి బస్సుకు ముగ్గురం బయల్దేరాం. మామ దారంతా నా వైపు చూడలేదు. ఆత్మకూరులో మమ్మల్ని చూడగానే పిన్ని లేచి వచ్చి, అంతమంది ముందు అంది, "పగ తీర్చుకున్నావే! పసిబిడ్డ మీదనా నీ పగ!"

పగ లేదని నేను చెప్పను. ఉంది. కానీ ఆ పిల్లను తెచ్చింది దానికోసం కాదు. ఈ రెండూ ఒక మనిషిలో ఉండొచ్చని ఆ ఇంట్లో ఎవరికీ చెప్పలేకపోయాను. పిల్ల వాళ్ల నాయన పాదాలు పట్టుకుని గట్టిగా ఏడ్చింది. ఎవరో లాగబోతే, "ఏడవనీండి దాన్ని" అని అడ్డంగా నిలబడ్డాను.

శవాన్ని తీసుకుపోయాక ఆడవాళ్లంతా దొడ్లోకి పోయారు. పిన్ని వేరేగా కూచుంది. పిల్లకు నేనే నీళ్లు తోడాను, అవ్వ నాకు పోసిన చోటే. చెంబు ఎత్తే ముందు, "ఇది మీ నాయన కోసం" అన్నాను. తల ఊపి కళ్లు మూసుకుంది.

తర్వాత నేనూ పోసుకున్నాను. చిన్నాయన కోసం కాదు. నా చెంబులు మా అమ్మకు.