సగం చదివిన వాంగ్మూలం

పెద్దవంగర దిక్కు ఒక తండా మాది. ఇంట్ల లంబాడీ, బయట తెలుగు. యూనివర్సిటీల చరిత్ర ఎమ్మేల చేరిన కొత్తల నేను క్లాసుల నోరు తెరవకపోయేదాన్ని. మాట్లాడితే ఎవలన్న నవ్వుతరని భయం. ఆ భయం పోగొట్టింది మా సారు. ఆయనది రేగొండ, పత్తి చేన్లు చేసుకునే ఇల్లు. నా మొదటి వ్యాసం వాపసిచ్చుకుంట, “ఇది పుస్తకం చూసి రాసినవు. తండా భూములు ఎట్ల పోయినయో మీ అవ్వ నీకు ఎట్ల చెప్పిందో గట్లనే రాయి బిడ్డా” అన్నడు. రాసిన. మార్కులు తక్కువనే వేసిండు, కాలం లెక్క సరి చూసుకోలేదని. కానీ దాన్ని క్లాసుల అందరికి చదివి వినిపించిండు.

అవి రాష్ట్రం కోసం కొట్లాడుతున్న రోజులు. క్యాంపస్ గేటు ముంగట టెంటు, దాంట్ల రోజుకొక బ్యాచు నిరాహార దీక్ష. సారు గూడ మెడల దండేసుకొని మాతోటి కూసున్నడు. నా చేతిరాత మంచిగుంటదని, మీటింగుల్ల ఎవరేం మాట్లాడిన్రో రాసే పని విద్యార్థి కమిటీ వాళ్ళు నాకిచ్చిన్రు.

ఆ చలికాలం మా క్లాసు పిలగాడొకడు ప్రాణం తీసుకున్నడు. కొడకండ్ల దగ్గరి ఊరు వాంది. నా నోట్సు అడిగి తీస్కపోయి, వాపసిచ్చేటప్పుడు అట్ట వేసి ఇచ్చేటోడు. రాష్ట్రం కోసమే పోతున్ననని చీటి రాసి పెట్టిండు. రెండు రోజులు హాస్టల్‌ల ఎవ్వలం సరిగ తినలే.

సంతాప సభకు హాలు నిండిపోయింది. మాట్లాడినోళ్ళందరు వాడు మనకు బాట చూపిండని అన్నరు. ఆఖరుకు సారు లేచిండు. “ఈ చావును అమరత్వం అనకున్రి” అన్నడు. ఆ ఒక్క మాటకే హాలంత లేచింది. ఎవరో మైకు గుంజుకున్నరు. సారు ఆగలే. మైకు లేకుంటనే మిగిలింది చెప్పిండు: “మనం గిట్ల పొగిడితే ఇంకో పిలగాడు వింటడు. నాకు రాష్ట్రం కావాలె. మీరందరు బతికుండంగ కావాలె.”

అది ముందు వరుసోళ్ళకే వినబడ్డది. నేను ముందు వరుసల ఉన్న. మొత్తం రాసుకున్న.

పొద్దుగూకే యాళ్ళకు, సారు అమరున్ని అవమానించిండని క్యాంపస్ అంత పాకింది. తెల్లారి చూస్తే ఆయన రూము ముంగటి పేరు పలకకు నల్లరంగు పూసి ఉన్నది. క్లాసులు బహిష్కరించినం. ఆయనను నౌకరి నుంచి తీసెయ్యాలని విద్యార్థి కమిటీ లీడరు వినతిపత్రం రాస్తే అందరితోపాటు నేనూ సంతకం పెట్టిన. రోజూ ఆయనతోటి చాయ తాగే సార్లు, ఎవల అభిప్రాయం వాళ్ళకుంటది గానీ సందర్భం చూసుకోవాలె గదా అని పక్కకు జరిగిన్రు. ఆఖరుకు యూనివర్సిటీ ముగ్గురితోటి విచారణ కమిటీ వేసింది. సభల మాటలు రాసింది నేనే కాబట్టి నన్ను సాక్షిగ పిలిచిన్రు.

విచారణకు ముందురోజు ఆ విద్యార్థి లీడరు నన్ను క్యాంటీన్ కాడ కలిసిండు. ఆయనను నేను అన్నా అని పిలిచేదాన్ని. మొదటి మాట చదివితే చాలన్నడు. మిగిలింది చదివితే సారు తప్పించుకుంటడట, ఉద్యమం పలచనైతదట. “నువ్వు మన మనిషివి గదా చెల్లే” అన్నడు. ఆ మాటల బెదిరింపు ఏం లేదు. కానీ మన మనిషిని కాకుంట పోతే ఆ హాస్టల్‌ల ఎట్ల బతకాలెనో నాకు తెల్వది.

విచారణ గదిల సారు ఒక పక్కకు కుర్చీల కూసున్నడు. నేను నోట్‌బుక్ తెరిచి మొదటి మాట చదివి ఆపేసిన.

“ఇంతేనా?” అని కమిటీ పెద్దమనిషి అడిగిండు.

“ఇంతే సార్” అన్న.

సాక్షిని ఏమన్న అడుగుతరా అని సారును అడిగిన్రు. ఆయన నా దిక్కు చూసిండు. కోపంగ చూస్తే బాగుండు. “ఏం అడుగ. ఆ పిల్ల ఇంక ఇక్కడనే చదువుకోవాలె” అన్నడు.

సారును సస్పెండ్ చేసిన్రు. ఏడాది దాటినంక మళ్ళ తీసుకున్నరు గానీ క్లాసులియ్యలే. పరీక్ష కాయితాలు దాచే సెక్షన్‌ల ఒక టేబులిచ్చిన్రు. రిటైరయ్యేదాంక అక్కడనే కూసున్నడు. ఆ పక్క నుంచి పోయే పని ఉంటే నేను చుట్టు తిరిగి పోయేదాన్ని.

రాష్ట్రం వచ్చింది. ఆ రోజు మా తండాల అందరితోటి నేనూ ఆడిన. మహబూబాబాద్‌ల ఒక కాలేజిల పాఠం చెప్పే కొలువు దొరికింది. చరిత్ర చెప్పుకుంట, రుజువు దాచిపెట్టొద్దని పిల్లలకు చెప్పాల్సొచ్చినప్పుడల్ల నేను బోర్డు దిక్కు తిరిగి చెప్పేదాన్ని. ఆఖరుకు యూనివర్సిటీకి ఉత్తరం రాసిన, నా వాంగ్మూలం సగమే, మిగిలింది ఇదీ అని. ఉద్యోగి రిటైరైనందున విషయం ముగిసిందని రెండు లైన్ల జవాబొచ్చింది.

ఆ జవాబు పట్టుకొని రేగొండ పోయిన. సారు గుర్తుపట్టి లోపలికి రమ్మన్నడు. కాయితం చదివి మడిచి నా చేతికే ఇచ్చిండు. కాళ్ళు మొక్కబోతే వద్దన్నడు.

“నాకు కోపం లేదంటే అబద్ధమైతది” అన్నడు. “నువ్వు చదివినా వాళ్ళు చేసేది చేస్తుండె. అది వేరు. నువ్వు చదవకపోతివి. ఇది వేరు.”

నేను కాయితం సంచిల పెట్టుకున్న. ఆయననే అడిగిండు, క్లాసుల పిల్లలు ఎదురు అడుగుతరా అని. అప్పుడప్పుడు అడుగుతరన్న. “అడగనియ్యి” అన్నడు. నౌకరి పోయినా బాధపడకపోదునని, క్లాసు లేకపోవుడే తట్టుకోలేకపోయిన్నని, ఇంట్ల ఒక్కన్నే పాఠం చెప్పుకున్న రోజులుండెనని నవ్వబోయిండు. నవ్వు రాలే.

రెండేండ్లకు సారు గుండెనొప్పితోటి భూపాలపల్లి దవాఖానల చనిపోయిండు. దినాల నాడు ఇంటి ముంగట చిన్న సభ పెట్టిన్రు. వినతిపత్రం రాసిన లీడరు గూడ వచ్చిండు, సారు గొప్ప తెలంగాణ వాదని మాట్లాడిండు. నన్ను మాట్లాడమన్నరు. ఆనాడు సారు అన్నది మొత్తం చెప్పిన. విచారణల నేను ఎక్కడ ఆపిన్నో గూడ చెప్పిన. లీడరు తలకాయ దించుకొని ఫోను చూసుకున్నడు.

అందరు పోయినంక సారు భార్య నా దగ్గరికొచ్చి నిలవడ్డది. అన్నేండ్లల్ల ఆ సాక్షి ఎవరని ఎన్నిసార్లు అడిగినా సారు ఆమెకు నా పేరు చెప్పలేదట.

“నువ్వేనా బిడ్డా” అన్నది.

నేనే అని చెప్పిన. ఆమె కొంగుతోటి మొకం తుడుచుకొని లోపలికి పోయింది. నేను చెప్పులేసుకొని బస్సు కాడికి నడిచిన.